ట్రాలీ ఎందుకు లేవలేదంటే

చక్కెరదుంపల లోడుతో ట్రాలీ తొట్టి మూరెడెత్తు లేచి అక్కడే మొరాయించింది. ట్రాక్టరు ఎంత గొంతు చించుకున్నా ఆపైన బెత్తెడు కదలలేదు. బుషైబ్ తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, ట్రాక్టరు మీదున్న భార్య వైపు చూశాడు.

"దించెయ్ గన్నూ. నీ తమ్ముడి పుణ్యమా అని ఇవాళ కూడా చేతులతోనే దించుకోవాలి."

"మధ్యలో నా తమ్ముణ్ణెందుకు లాగుతావు? ట్రాలీ నీది," అంది గన్ను లివరు వెనక్కి నెడుతూ.

మొరాకోలోని దుక్కాలా మైదానమంతా దుంపలు తవ్వే రోజులవి. రోడ్డు వార కుప్ప పోస్తే ఫ్యాక్టరీ లారీలు వచ్చి ఎత్తుకుపోతాయి. నీళ్లు పెట్టిన తడి ఆరకముందే తవ్వడంతో ప్రతి దుంపా బంకమట్టి చొక్కా తొడుక్కునే వస్తోంది. బరువు చెప్పనక్కర్లేదు. ఆ ట్రాలీ గన్ను తమ్ముడు లార్బీ అమ్మింది. పట్నంలో అతనికి ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుంది. రెండేళ్ల కిందట పాత ట్రాలీ ఒకటి పట్టుకొచ్చి, నీలంరంగు వేసి, బావకిచ్చాడు. ఈ ఏడు పంట మొదలైనప్పటి నుంచీ అది లోడు పడితే లేవనంటోంది. ఖాళీగా ఉంటే మాత్రం మేకపిల్లలా చటుక్కున లేస్తుంది.

లార్బీ పిలిచినప్పుడల్లా వచ్చాడు. ఆయిలు మార్చాడు, ఫిల్టరు కడిగాడు, తొట్టిని లేపే జాకీ వాషర్లు చూశాడు. వెళ్లేటప్పుడు మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. "పాత బండి బావా. సగం లోడే వెయ్యి."

"సగం లోడుకైతే గాడిద చాలదా? దానికి ఆయిలు కూడా అక్కర్లేదు," అనేవాడు బుషైబ్. ఎంత వెటకారమాడినా బదులు చెప్పని లార్బీ, ఈమధ్య టీ కూడా తాగకుండానే వెళ్లిపోతున్నాడు.

పక్క పొలం మాతీ పెద్దవాడు, ఇలాంటి ట్రాలీనే చాలాకాలం తోలినవాడు. ట్రాక్టరు కూత విని గట్టు దాటి వచ్చాడు.

"ఇంకోసారి ఎత్తమ్మా," అని గన్నుకు చెప్పి, ట్రాలీ ముందువైపు వంగి చెవి పెట్టాడు. "పంపుకేం రోగం లేదు. జాకీ కూడా కారడం లేదు. ఆ ఈల విన్నావా? జాకీలోకి పోవాల్సిన ఆయిలు దారి మళ్లి వెనక్కి పోతోంది. బరువు మించితే అలా వదిలెయ్యడానికి ఇక్కడో వాల్వు ఉంటుంది."

బొటనవేలితో మట్టి గీకాడు. వాల్వు మీద చిన్న మర, దాన్ని పట్టి ఉంచే నట్టు. నట్టు అంచులు తళతళ మెరుస్తున్నాయి.

"దీనిమీద ఈమధ్యే పానా పడింది. కావాలనే వదులు చేశారు."

"లార్బీ తప్ప ఎవడూ ముట్టుకోలేదు బాబాయ్," అన్నాడు బుషైబ్. తర్వాత నవ్వాడు గానీ అది నవ్వు కాదు. "అర్థమైంది. పంపు పోయిందని చెప్పి కొత్తది అంటగడదామని. సొంత అక్క ఇంట్లోనే."

గన్ను ఫోను తీసి అక్కడికక్కడే తమ్ముడికి చేసింది. "ఒరేయ్, వాల్వు మర వదులు చేసింది నువ్వేనా?"

 "అక్కా, దాన్ని ముట్టుకోవద్దు. వస్తున్నా," అని పెట్టేశాడు.

ఆమె మొహం చూస్తే బుషైబ్‌కు వేరే చెప్పక్కర్లేకపోయింది. పానా తెచ్చి మర బిగించాడు. మాతీ "చాలు, చాలు" అంటున్నా ఇంకొంచెం తిప్పాడు. వెనకతలుపు తెరిచి, "ఎత్తు," అన్నాడు.

తమ్ముడు వద్దన్నాడన్నది గన్ను మరిచిపోలేదు. కానీ వాడు మోసం చేశాడన్న కోపం అంతకంటే పెద్దదైంది. బిస్మిల్లా అని లివరు లాగింది.

తొట్టి లేచింది. ఆగే చోట ఆగకుండా నిలువునా పైకి పోయింది. బుషైబ్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. దుంపలు మాత్రం మట్టితో అంటుకుపోయి జారలేదు. వాటిని పొడిచి వదిలించడానికి గడ్డపార పట్టుకుని వెనక్కి వెళ్లాడు.

బాంబు పేలినట్టు చప్పుడైంది.

తొట్టి ఒక పక్కకు మెలిక తిరిగి, అంత ఎత్తు నుంచీ కూలిపోయింది. దుమ్ములో గన్నుకు మొగుడు కనబడలేదు.  ఆమె చెయ్యి లివరును అలాగే పట్టుకుని ఉంది. మాతీ ఒక్కొక్క వేలూ విడదీస్తే గానీ ఊడిరాలేదు.

బుషైబ్ నడుం లోతు దుంపల్లో నిలబడి ఉన్నాడు. తొట్టి అంచు అతని ముందు, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర, నేలలోకి దిగబడి ఉంది. ఒంటిమీద గీత కూడా లేదు. మొహం మాత్రం సున్నం కొట్టినట్టుంది.

"నా చెప్పేది?" అన్నాడు. "ఒక చెప్పు లేదు." గన్ను వచ్చి పట్టుకున్నా అదే మాట.

మాతీ వంగి తొట్టి కిందకు చూసి, "యా రబ్బీ" అని దేవుణ్ణి తలుచుకుంటూ కూలబడ్డాడు. తొట్టిని మోసే కీలు మొదలంటా ఊడిపోయింది. అక్కడ అడ్డంగా ఉన్న దూలం మీద, నీలంరంగు కింద, ఇనపరేకు ఒకటి వెల్డింగు చేసి ఉంది. అది చిరిగిపోయి, లోపల పగులు కనబడుతోంది. కొత్త పగులు కాదు. ముప్పాతిక వంతు తుప్పుతో నల్లబడి ఉంది.

"నేనే చూపించాను కదా ఆ మర," అని తనలో తను గొణుక్కున్నాడు ఆయన.

లార్బీ మోటార్ సైకిల్ స్టాండు కూడా వెయ్యకుండా పడేసి పరుగెత్తుకొచ్చాడు. బావ కాళ్ల మీద నిలబడి ఉండటం చూసి, నేలమీద కూర్చుండిపోయాడు.

"నాకు తెలుసు," అన్నాడు. "అమ్మేటప్పుడే పగులు సన్నగా ఉంది. రేకు వేస్తే సరిపోతుందనుకున్నా. మొన్న ఈ పంటకు ముందు గ్రీజు పెడదామని దూరితే, రేకు దాటి పాకింది. ఏ మొహంతో చెప్పను? బరువు ఎత్తకుండా ఉంటే చాలు, పంటయ్యాక నెమ్మదిగా బాగుచేద్దామని మర వదులు చేశా."

గన్ను తన అరచేతిని చూసుకుంటోంది. "లివరు లాగింది నేను రా. ఈ చేత్తోనే."

"వద్దన్నాను కదక్కా."

"వద్దన్నావు. విరుగుతుందని అనలేదు."

లార్బీ లేచి దుంపల్లో చేతులు పెట్టి తవ్వడం మొదలుపెట్టాడు. చెప్పు దొరికింది. మడమ దగ్గర దాని పట్టీ తొట్టి అంచు కిందకు పోయి ఉంది. ఎంత లాగినా రాలేదు. నలుగురూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. బావమరిది మీద చెయ్యి చేసుకోవాలనే ఆలోచనైనా తనకు రాకపోవడం బుషైబ్‌కే వింతగా తోచింది. వింటున్నాడు గానీ, మాటలన్నీ ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టున్నాయి.

"బండెక్కు బావా, ఇంటి దగ్గర దింపుతా."

"నడుస్తాను," అన్నాడు బుషైబ్. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా, గన్ను భుజం పట్టుకుని నడిచాడు.

లార్బీ మర్నాడే వచ్చి పాత దూలం కోసేసి, కొత్తది వేశాడు. ఈసారి రంగు వెయ్యలేదు. వెల్డింగు ప్రతి అంగుళమూ అక్క వచ్చి చూసేదాకా పనిముట్లు సర్దలేదు. శుక్రవారం అందరూ కలిసి తినే గోధుమరవ్వ కుస్‌కుస్ పళ్లెం దగ్గర గన్ను అతనికీ చోటిచ్చింది. కూరముక్కలు కూడా అతని వైపు తోసింది. మాట మాత్రం ఆ సీజనంతా లేదు.

ట్రాలీ ఇప్పుడు నిండు లోడు ఎత్తుతోంది. కానీ లివరు గన్ను ముట్టుకోదు. బుషైబే ఎత్తుతాడు. అతను ఎత్తబోయే ముందు ఆమె దూరంగా నిలబడి, పొలంలో ఉన్న ప్రతివాణ్ణీ పేరు పెట్టి పిలుస్తుంది. అందరూ పలికాక గానీ ఎత్తనివ్వదు.