అమృతమ్మ తేటపరచిన నీళ్లు

నార్కట్‌పల్లి శివారులో కమలాకర్ కొత్తిల్లు కట్టినప్పుడు పిల్లలు పట్టుబట్టడంతో వెనక ఒక స్విమ్మింగ్ పూల్ కూడా కట్టించాడు. ఆ ఎండాకాలం వాళ్లు నీళ్లలోంచి బయటికే రాలేదు. వానలు పడి బడులు తెరిచాక దాని వంక చూసినవాళ్లు లేరు. నీళ్లు పచ్చబడ్డాయి, గోడలకు పాకురు పట్టింది, అడుగు కనబడకుండా పోయింది.

"మన్ను పోసి పూడ్పిస్త. కారుకు జాగా అయితది," అన్నాడు కమలాకర్ ఒక పొద్దున చాయ్ తాగుతూ.

బియ్యం చెరుగుతున్న అతని తల్లి అమృతమ్మ చాట పక్కన పెట్టింది. "పూడ్వకు కొడుకా. నేను చూసుకుంట."

"నీకెందుకమ్మా గా లొల్లి? మోకాళ్లు నొస్తున్నయంటవు."

"నొస్తే నొయ్యనియ్యి."

ఎందుకంత పంతమో ఆమె చెప్పలేదు. చెప్తే నవ్వుతారనుకుంది. మోత్కూర్ దగ్గర పుట్టింటి వాళ్లకు పెద్ద బాయి ఉండేది. తనూ, జతగత్తె బక్కమ్మా గొర్లను నీళ్లకు తోలుకొచ్చి, అవి తాగేలోపు దరి మీది నుంచి దుంకేవాళ్లు. మునిగినప్పుడు చెవుల్లో నిండే ఆ నిశ్శబ్దం, పైకి తేలగానే బాయంతా మారుమోగే బక్కమ్మ నవ్వు! పెండ్లయి వచ్చాక కోడలుపిల్ల ఈత కొట్టుడేందని అత్త కసిరింది. అంతే, మళ్లీ దిగలేదు. తర్వాత ఊరినిండా బోర్లు పడి బాయి ఎండింది. బక్కమ్మ జ్వరంతో దవాఖానలో కన్నుమూసింది. ఇప్పటికీ గుడ్డలు జాడించేటప్పుడు అమృతమ్మ చేతులు మోచేతుల దాకా బకెట్లో ముంచి, పని మరిచి అట్లే కూచుంటుంది.

కోడలు నవనీతను వెంటబెట్టుకొని నల్గొండ పోయి క్లోరిన్ పొడి తెచ్చింది. మిట్టమధ్యాహ్నం బకెట్ నీళ్లలో కలిపి పోసింది. తెల్లారి చూస్తే పచ్చదనం పచ్చదనమే. నవనీత దుకాణాయనకు ఫోన్ చేసింది.

"ఎండకు మందు బలం పోతదంట అత్తమ్మా, పొద్దుగూకినంక పొయ్యాల్నంట. మన బోరు నీళ్లు ఉప్పునీళ్లు గదా, ముందుగాల ఆసిడ్ తోటి వాటి గుణం సరిచెయ్యాల్నంట. లేకుంటే ఎంత పోసినా పని చెయ్యదంట."

"గట్లనా! మరి పాకురో?"

"బ్రష్షుతోటి రుద్దాలె. గోడకు అంటుకొనుంటే మందు లోపలికి పోదంట."

ఇద్దరూ పొడుగు కట్టె బ్రష్షుతో గోడలు రుద్దారు. నవనీత చేతులకు తొడుగులేసుకొని ఆసిడ్ సంగతి చూసింది. మందు ఎక్కువ మోతాదులో పోసి రాత్రంతా నీళ్లు వడపోసే మోటారు నడిపించారు. పచ్చనీళ్లు పాలు విరిగినట్టు తెల్లబడ్డాయి. చచ్చిన నాచు అడుక్కు దిగింది. దాన్ని పైపుతో లాగేసి, ఫిల్టర్ కడిగి, మళ్లీ నడిపించారు. ఒక పొద్దున అమృతమ్మ వచ్చి చూస్తే అడుగున పరిచిన నీలం టైల్సు ఒక్కొక్కటీ కనబడ్డాయి.

ఆ తర్వాత కూడా ఆమె చేయి వదల్లేదు. రాలిన వేపాకును కట్టెకు కట్టిన వలతో తీసేది. క్లోరిన్ ఎంతుందో చూడడానికి చిన్న గొట్టంలో నీళ్లు పట్టి చుక్కల మందు వేసేది. పసుపు రంగు మరీ పలచనైతే క్లోరిన్ తక్కువని ఇంకొంత పోసేది, ముదిరితే ఎక్కువైందని ఆగేది. పని అయ్యాక గట్టున కూచుని, పాదాలు నీళ్లలో పెట్టి, ఎటో చూసేది.

ఒక సాయంత్రం నవనీత వచ్చి పక్కన కూచుంది. "దిగరాదు అత్తమ్మా?"

"ఛీ, ఈ వయసుల! మంది చూస్తే?"

"గింత ఎత్తు గోడున్నది, ఎవలు చూస్తరు? నా పంజాబీ డ్రెస్ ఇస్త, ఏసుకో."

అమృతమ్మ నీళ్లలోంచి పాదాలు తీసింది. లేచి లోపలికి పోయి బట్టలు మార్చుకొని వచ్చింది. మెట్లు పట్టుకొని దిగింది. నీళ్లు ఛాతీ దాకా రాగానే చేతులు వాటంతట అవే చాచుకున్నాయి, కాళ్లు తన్నాయి. ఒళ్లు ఏదీ మరవలేదు. ఊపిరి బిగబట్టి మునిగింది. చెవుల్లో మోటారు రొద తప్ప ఏమీ లేదు. పైకి తేలింది. చుట్టూ తెల్లగోడ, పైన పలచని ఆకాశం. నవ్వేవాళ్లు లేరు.

"ఎట్లున్నది?" అంది నవనీత.

"మందు వాసనొస్తాంది," అంది అమృతమ్మ. "కాళ్లకు నేల తాకుతాంది. మా బాయికి అడుగే దొరకకపోయేది బిడ్డా. నేనూ బక్కమ్మా ఎన్నిసార్లు దేవులాడినమో!"

"బక్కమ్మ ఎవలు?"

అత్తింటికి వచ్చిన ఇన్నేళ్లలో ఎవరూ ఆ మాట అడగలేదు. అమృతమ్మ గట్టు పట్టుకొని నీళ్లలో ఊగుతూ చెప్పసాగింది. నవనీత చున్నీ నడుముకు చుట్టుకొని మెల్లగా మెట్లు దిగి, భయం భయంగా అత్త చెయ్యి పట్టుకుంది.

"నాకు రాదు. జర నేర్పియ్యి."

"ముందుగాల ఊపిరి బిగబట్టు. భయపడకు, నేను పట్టుకుంట."

అప్పుడే వాకిట్లో కమలాకర్ కారు హారన్ మోగింది. నవనీత తడిబట్టలతోనే గేటు తియ్యడానికి పరుగెత్తింది. అమృతమ్మ మాత్రం బయటికి రాలేదు. వెల్లకిలా తేలి, రెండు చేతులూ చాచి, కళ్లు మూసుకొని, మోటారు రొద కిందెక్కడో ఇంకేదైనా వినబడుతుందేమోనని అట్లే ఉండిపోయింది.