జేబులో ప్లగ్గు

పాత కార్లు విప్పి సామాన్లు అమ్మే ఆ షెడ్డులో అతన్ని అందరూ పంతులు అనేవారు. అతను ఎవరికీ చదువు చెప్పింది లేదు. హైబ్రిడ్ కారు విప్పేముందు సర్వీసు ప్లగ్గు లాగేసి, స్టూలు వేసుకుని, చేతి గడియారం చూస్తూ పది నిమిషాలు కూర్చునేవాడు. ఆ పది నిమిషాల్లో యజమాని వచ్చి కేకలేసినా లేచేవాడు కాదు. "పంతులు తపస్సులో ఉన్నాడు, ఇప్పుడు పలకడు" అని కార్ల అద్దాలు ఊడదీసేవాడు నవ్వేవాడు. యజమానికి మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆ యజమాని పంతులికి తోడల్లుడు. పంతులి భార్యకు స్వయానా అక్క మొగుడు.

ఆ పది నిమిషాలు ఎందుకో షెడ్డులో చాలామందికన్నా పంతులి భార్యకే బాగా తెలుసు. హైబ్రిడ్ కారులో ఇంజనుతోబాటు వెనక సీటు కింద ఓ పెద్ద బ్యాటరీ ఉంటుంది. దాని ముందు ఇంట్లో స్విచ్చుబోర్డు కరెంటు ఏ మూలకీ రాదు. అక్కడినుంచి ముందుకు పోయే లావుపాటి కేబుళ్ళకు, దూరం నుంచే మనిషి జాగ్రత్తపడాలని, నారింజ రంగు తొడుగు వేస్తారు. ఆ బ్యాటరీని మధ్యకు తెంచే పిడిలాంటి ముక్కే సర్వీసు ప్లగ్గు. దాన్ని లాగేశాక కూడా లోపల దాగిన కరెంటు ఇంకిపోవడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత మీటరు పెట్టి, సున్నా చూసి, అప్పుడు రబ్బరు గ్లవుజులు తీయాలి. లాగిన ప్లగ్గు పని పూర్తయ్యేదాకా లాగినవాడి జేబులోనే ఉండాలి, ఇంకొకడు తెలియక మళ్ళీ పెట్టెయ్యకుండా.

ఆమెకు ఇదంతా కంఠతా వచ్చు. పదో తరగతితో చదువు ఆపేసిన మొగుణ్ణి హై వోల్టేజి సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోబెట్టింది ఆమే. దిండంత పుస్తకం. ఎనిమిది నెలలు, కూరలు తరుగుతూ ఓ పేజీ, బట్టలు మడతపెడుతూ ఓ పేజీ చదివి, మామూలు మాటల్లోకి మార్చి చెప్పింది. చెప్పినదాన్ని మళ్ళీ అడిగేది.

"మీటరు పెట్టేముందు ఏం చెయ్యాలి?"

"కరెంటు ఉన్నచోట పెట్టి, అది పనిచేస్తోందో లేదో చూడాలి."

"ఎందుకు?"

"చచ్చిన మీటరు కూడా సున్నానే చూపిస్తుంది కనక."

"ఈ మాట పుస్తకంలో లేదే."

"మరి నేను ఊరికే పాసవుతానా?"

పాసయ్యాడు. ఆ సర్టిఫికెట్టుకు ఆమే అద్దం కట్టించి హాల్లో వేలాడదీసింది. తన డిగ్రీ పట్టా ఏ పెట్టెలో ఉందో ఆమెకు గుర్తులేదు.

నాలుగేళ్ళు గడిచాక ఒక మంగళవారం మధ్యాహ్నం, భోజనం చేసి వచ్చి బ్యాటరీ కేబుళ్ళ బోల్టులు విప్పుతుండగా, పంతులి చేతిలో స్పానరు రెండు కేబుళ్ళ కొసలకూ ఒకేసారి తగిలింది. కుడిచేతికి రెండు వేళ్ళు పోయాయి. ఎడమ అరచెయ్యి ఎముక కనబడేలా కాలింది. ప్రాణం మిగలడమే గొప్ప అన్నాడు డాక్టరు. ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది.

ఆస్పత్రిలో మత్తు వదిలాక అతను మొదట అడిగింది మంచినీళ్ళు కాదు.

"నా ప్యాంటు ఎక్కడుంది?"

"సంచిలో వేసి ఇచ్చారు. ఎందుకు?"

"జేబు చూడు."

సంచి విప్పగానే కాలిన గుడ్డ వాసన గుప్పుమంది. కుడి జేబులో నారింజ రంగు పిడి చేతికి తగిలింది. గాజుబొమ్మను తీసినట్టు తీసింది.

"లాగాను. పొద్దున్నే లాగాను" అన్నాడతను పైకప్పు చూస్తూ. "పది నిమిషాలూ కూర్చున్నాను. మీటరు సున్నా చూపించింది. గ్లవుజులు అప్పుడే తీశాను. తినొచ్చేసరికి బండి లిఫ్టు మీంచి దిగి పక్కన ఉంది. తోశారనుకున్నాను. ప్లగ్గు నా జేబులో ఉంది కదా, దాంట్లోకి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఎక్కణ్ణుంచి వచ్చిందో మూడోరోజు అక్క వచ్చి చెప్పింది. తెచ్చిన క్యారియరు బల్ల మీద పెట్టి, మరిదిని పలకరించి, కళ్ళు తుడుచుకుని, చెల్లెల్ని వరండాలోకి పిలిచింది.

"తనిఖీ ఆఫీసరు వచ్చాడే షెడ్డుకి. బండిలో ప్లగ్గు పెట్టే ఉంది. మీ ఆయన దాన్ని తీయకుండానే పని మొదలెట్టాడని రాసుకుపోయాడు."

"తీసిన ప్లగ్గు నా దగ్గరుంది."

అక్క కొంగు అంచు పట్టుకుని నలిపింది. "అందుకే వచ్చాను. ఆ సంగతి ఎక్కడా అనకు."

"బండిలో ఉన్నది మరి ఎక్కడిది?"

"అలమరాలోది. ఆ రకం బళ్ళు ఇదివరకు ఎన్ని విప్పలేదు? వాటి ప్లగ్గులు వరసగా పడున్నాయి."

"ఎవరు పెట్టారక్కా?"

"నీకు తెలియనట్టు అడక్కు."

"నీ నోటితో చెప్పు."

"మీ బావే. ఇంకో బండి వచ్చింది, లిఫ్టు ఖాళీ చెయ్యాలి. అందరూ తినడానికి పోయారు, తోసేందుకు మనిషి లేడు. ఓ ప్లగ్గు తీసి పెట్టి, బండి స్టార్టు చేసి నాలుగు గజాలు నడిపి, పక్కన నిలబెట్టాడు. ఆ బళ్ళకి చప్పుడుండదు కదే. ఆగిపోయిందనుకుని, ఆపకుండానే దిగి వెళ్ళాడు. కావాలని చేశాడంటావా?"

"కావాలని చేశాడని నేననలేదు. చేశాడంటున్నాను."

"ఈ మాట బయటికొస్తే షెడ్డు లైసెన్సు పోతుంది. ఆయన మీద కేసవుతుంది. మనవాళ్ళు తొమ్మిదిమంది రోడ్డున పడతారు."

"మా ఆయన పేరు మాత్రం పోవచ్చు."

"పేరుదేముందే. మనిషి దక్కాడు." అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నీ కాన్పుకి నెలన్నర నీ ఇంట్లో కూర్చున్నాను. నా పిల్లల్ని అత్తగారి మీద వదిలేసి వచ్చాను. ఎప్పుడైనా ఆ మాటెత్తానా?"

"ఇప్పుడెత్తావు" అంది ఆమె.

రెండు వారాల తర్వాత వాంగ్మూలం తీసుకోవడానికి పంతుల్ని షెడ్డు ఆఫీసుగదికి రమ్మన్నారు. చేతులు రెండూ కట్లలో ఉన్నాయి కనక ఆమే వెంటబెట్టుకు వెళ్ళింది. షెడ్డులోంచి నడుస్తుంటే పనివాళ్ళు లేచి నిలబడ్డారు. అద్దాలవాడు ఆమె మొహం చూసి, తల తిప్పుకుని, ఊడదీసిన అద్దాన్నే మళ్ళీ తుడవడం మొదలెట్టాడు.

ఆఫీసుగదిలో తనిఖీ ఆఫీసరు ఉన్నాడు, ఎదురుగా బావ ఉన్నాడు. బావ లేచి పంతులికి తన కుర్చీ ఇచ్చాడు. ఆ షెడ్డు పెట్టాక ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం అదే మొదలు.

"రాయలేరు కదా, మీరు చెప్తుంటే మీ ఆవిడ రాస్తారు. చివర్లో వేలిముద్ర వెయ్యండి" అన్నాడు ఆఫీసరు. ఎడమచేతి కట్టులోంచి బొటనవేలు ఒక్కటే బయటికి ఉంది.

ఆమె కలం తీసుకోలేదు. సంచిలోంచి ప్లగ్గు తీసి, ఫైలు మీద పెట్టింది.

"ఇది ఆ రోజు ఈయన జేబులో ఉంది. పొద్దున్న లాగింది ఇదే. బండిలో మీరు చూసింది వేరే ప్లగ్గు. దాన్ని ఎవరు పెట్టారో ఇక్కడ అందరికీ తెలుసు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఫైల్లో కాగితాలు లేచి పడుతున్నాయి. ఆఫీసరు ప్లగ్గును అటూ ఇటూ తిప్పి చూసి, పంతులికేసి తిరిగాడు.

"నిజమేనా?"

పంతులు భార్యను చూడలేదు. కట్లు కట్టిన చేతుల్ని ఒళ్ళో సర్దుకున్నాడు. అవి తనవి కానట్టు, ఎవరో దాచమని ఇచ్చినట్టు.

"అది అలమరాలోదండి. ముందురోజు ఎందుకో తీసి జేబులో వేసుకున్నాను. ఆవిడకి తెలీదు. నా మీద అభిమానంకొద్దీ అంటోంది."

"మరి బండిలోది?"

"తీయలేదండి. తీశాననుకున్నాను."

"ఇలా రాస్తే మీ సర్టిఫికెట్ రద్దవుతుంది. ఇక మీదట ఈ బళ్ళు ముట్టుకోకూడదు. తెలుసా?"

"తెలుసండి."

ఆఫీసరు కాగితం ఆమె ముందుకు జరిపాడు. ఆమె మొగుడి మొహంలోకి చూసింది. చెప్పిన పాఠం అప్పజెప్పేటప్పుడు అతను కళ్ళు అరమూసుకునేవాడు. ఇప్పుడూ అలాగే అరమూసుకుని, ఒక్కొక్క మాటే చెప్పాడు. ఆమె రాసింది. 'సర్వీసు ప్లగ్గు తొలగించకుండా, నా స్వంత అజాగ్రత్త వల్ల' అని, గుండ్రటి అక్షరాలతో, కొట్టివేత ఒక్కటి లేకుండా రాసింది. సిరాలో ముంచిన ఆ వేలిని కాగితం మీద తనే పట్టుకుని అద్దింది. బావ ప్లగ్గు తీసుకుని, తలుపు తెరుచుకుని వెళ్ళి, అలమరాలో మిగతా వాటి వరసలో పెట్టి వచ్చాడు.

ఇంటికొచ్చి తలుపు వేసి, చెప్పులు విడవకుండానే అడిగింది.

"ఎందుకు?"

"తినొచ్చాక నేను మీటరు మళ్ళీ పెట్టలేదు. అది నా తప్పే కదా."

"మీ తప్పు మీరు ఒప్పుకోండి, నేను రాసి ఇస్తాను. మీరు చెయ్యని తప్పు నా చేత ఎందుకు రాయించారు?"

అతను గోడకున్న సర్టిఫికెట్టుకేసి చూశాడు. "ఈ చేతుల్తో నన్ను ఎవరు పెట్టుకుంటారు? మీ బావ నిన్న ఫోన్ చేశాడు. షెడ్డు నిలిస్తే నాకు చోటుంటుందన్నాడు. గేటు దగ్గర కుర్చీ. కొత్తగా చేరినవాళ్ళకి రోజూ ఓ గంట పాఠం చెప్పమన్నాడు."

"ఏం పాఠం?"

అతను కట్లు కట్టిన చేతులకేసి చూసుకున్నాడు.

"ప్లగ్గు తీయకపోతే ఏమవుతుందో మీ చేతులు చూపించి చెప్తారు. అంతేనా?"

"నాకు తెలిసిన పని అదొక్కటే" అన్నాడు. "నువ్వు నేర్పిందే."

ఆ మాటకు ఆమె లోపలికి వెళ్ళిపోయింది. హాల్లో అద్దం కట్టిన సర్టిఫికెట్టును వారం తిరక్కుండానే ఆఫీసుమనిషి వచ్చి పట్టుకుపోయాడు. ఫ్రేము మాకొద్దని, విప్పి ఇచ్చేశాడు.

జాగ్రత్తలు రాసిన బోర్డొకటి షెడ్డులో పెట్టి తీరాలని ఆఫీసరు ఉత్తర్వు ఇచ్చాడు. బావే స్వయంగా ఇంటికి వచ్చాడు, పళ్ళు పట్టుకుని.

"వాంగ్మూలంలో నీ దస్తూరీ చూసి ఆఫీసరు ఎంత మెచ్చుకున్నాడనుకున్నావు. బోర్డు మీద ఏం రాయాలో నువ్వే రాసియ్యి. మా వాళ్ళకి రెండు ముక్కలు రాయడం రాదు. పెయింటరు చూసి దించుతాడు."

"నేను రాస్తే మీకు నచ్చుతుందో లేదో బావా."

"నీకన్నా బాగా ఎవరికి తెలుసు?" అన్నాడు బావ. అందులో వెటకారం లేదు. అదే ఆమెకు మరీ కష్టమనిపించింది.

ఆ రాత్రే కూర్చుని ఎనిమిది నిబంధనలు రాసింది. తాళంచెవి బండికి దూరంగా పెట్టాలని ఒకటి. గ్లవుజుల్లో గాలి నింపి, చిల్లుల్లేవని చూసి వేసుకోవాలని రెండు. ప్లగ్గు, పది నిమిషాలు, మీటరు. ఆరోది ఇలా రాసింది: 'ఒకరు లాగిన ప్లగ్గు వారి జేబులో ఉండగా, అలమరాలోని వేరే ప్లగ్గు పెట్టి బండిని కదిలించకూడదు. యజమాని అయినా సరే.' ఏడోది, పని మధ్యలో వదిలి వెళ్ళి వస్తే మీటరు మళ్ళీ పెట్టాలని. మొగుడు ఆమె భుజం మీదుగా చదివాడు. ఆరు దగ్గర ఆగాడు, ఏడు దగ్గరా ఆగాడు.

మర్నాడు బావ కాగితం తీసుకుని నిలబడే చదివాడు. "ఆరోది ఎందుకమ్మా? అలాంటి పని మన దగ్గర ఎవరు చేస్తారు?"

"ఎవరూ చెయ్యకపోతే ఉంటే నష్టమేముంది?"

బావ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పంతులు మళ్ళీ షెడ్డుకు వెళ్ళడం మొదలయ్యాక, చెంచా పట్టుకోలేడు కనక, మధ్యాహ్నం ఆమే క్యారియరు తీసుకెళ్ళి తినిపించి వచ్చేది. మొదటిరోజు వెళ్ళేసరికి గోడ మీద కొత్త బోర్డు తళతళలాడుతోంది. దాని కింద అతను కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కొత్తగా చేరిన ఇద్దరు అతని చేతులకేసి చూడకుండా ఉండటానికి బోర్డునే చదువుతున్నారు. వాళ్ళలో కాస్త పెద్దవాడు వేలు పెట్టి లెక్కపెట్టుకుని అడిగాడు.

"సార్, అయిదు తర్వాత ఏడుంది. ఆరేదండీ?"

అద్దాలవాడు చేతిలో పని ఆపాడు. ఆఫీసుగది తలుపు దగ్గర నిలబడ్డ బావ లోపలికి వెళ్ళలేదు, బయటికీ రాలేదు. కాగితం మీద బావ ఆరోదాన్ని కొట్టేసి ఉంటాడు. పెయింటరు అంకెలు కాగితంలో ఉన్నవి ఉన్నట్టు దించేశాడు. ఆమె క్యారియరు గిన్నెలు విడదీస్తూ మొగుడి మొహం చూసింది. ఒక్క మాట చాలు. ఆరోది ఏమిటో అతనికి అక్షరం పొల్లుపోకుండా తెలుసు.

"ఆరేం లేదయ్యా" అన్నాడు పంతులు. "రాసినావిడ అంకె తప్పు వేసింది."

బోర్డు ఆమే రాసిందని విన్న ఆ ఇద్దరూ ఆమెకేసి చూసి, చదువుకున్నవాళ్ళకీ పొరపాట్లు వస్తాయన్నట్టు మర్యాదగా నవ్వారు. ఆమె చెంచా కడిగి, అన్నం కలిపి, మొదటి ముద్ద అతని నోటి దగ్గరికి పట్టుకెళ్ళింది. అతను నోరు తెరిచాడు.