గట్టయ్య కోటు

వరంగల్లో పోయినవాళ్లందరికీ ఒకటే కోటు. నీలం రంగుది, రెండు గుండీలది, పైజేబులో ఎర్ర రుమాలు తొంగిచూస్తుంటుంది. నమ్మకం లేకపోతే పోచమ్మ మైదాన్ నుంచి ఖిలా వరంగల్ దాకా ఒకసారి బండి మీద పోయి, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు చూసుకుంటూ రండి. రిటైరైన పంతులైనా, పాలు పోసే మనిషైనా, బతికినన్నాళ్లూ లుంగీ తప్ప మరోటి కట్టని పెద్దమనిషైనా ఫ్లెక్సీ ఎక్కేసరికి ఆ కోటులోనే ఉంటాడు. వెనక మబ్బులు, పైన రెండు పావురాలు, కింద వరసగా బంధువుల ఫొటోలు.

ఆ కోటు అసలు ఎవరో విదేశీ మోడల్‌ది. పదకొండేళ్ల కింద కుమారస్వామి దాన్ని ఇంటర్నెట్లో పట్టుకుని, తల తీసేసి కంప్యూటర్లో దాచుకున్నాడు. ఎవరు పోయినా వాళ్ల ఆధార్ కార్డులోంచి తల తెచ్చి దాని మీద పెట్టడం, మొహానికి కాస్త తెలుపు పూయడం అతని వృత్తి. ఒకనాడు మొహమాటానికి పోయి ఆ ఫైలును పక్క సందులో ఫ్లెక్సీలు చేసే శేఖర్‌కు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. అంతే, ఊరంతా పాకింది. ఇప్పుడు ఎవరి ఫ్లెక్సీ ఎవరు చేశారో చేసినవాళ్లకే తెలియదు. నలుగురిలో ఒకడినైపోయానని కుమారస్వామి కుమిలిపోయాడు.

ఆ కుమిలిపోవడంలో ఉన్నప్పుడే ఒక ఆన్‌లైన్ కోర్సు తగిలింది. రెండు ఆదివారాలు. 'నువ్వు నీలా ఉండు, డిజైనర్‌గా నీకు తిరుగుండదు' అని చెప్పిన గురువుగారి వెనక చక్కటి మట్టిగోడ ఉండేది. ఆయన కదిలినప్పుడల్లా ఆ గోడ ఆయన చెవులను కొంచెం కొంచెం మింగేది. అది ఉత్తుత్తి గోడని ఫ్లెక్సీలు చేసుకుని బతికేవాడికైనా తెలియాలి. కుమారస్వామి భక్తిలో ఉన్నాడు, చూడలేదు. ఒకరికొకరు పోలిక లేకుండా ఎలా ఉండాలో గురువుగారు మూడువేల మందికి ఒకేసారి, ఒకే మాటల్లో చెప్పారు. మూడువేల మందీ రాసుకున్నారు.

మర్నాటి నుంచి మనవాడు అథెంటిక్ అయిపోయాడు. 'కుమార్ డిజిటల్స్' బోర్డు దిగి 'మట్టి స్టూడియో' ఎక్కింది. చొక్కా ప్యాంటూ పోయి, ఆన్‌లైన్లో తెప్పించిన ముతక లాల్చీ వచ్చింది. కౌంటరు మీద ఒక లాంతరు వెలిసింది. అర్షద్ దాన్ని కాసేపు చూశాడు. ఇంటర్లో కుమారస్వామి పక్క బెంచీవాడు, ఇప్పుడు దుకాణంలో భాగస్తుడు, వెనక గదిలో ప్రింటింగ్ మిషన్ నడిపేది అతనే.

"కరెంటు పోయిందా?" అన్నాడు.

"పోలే. లుక్కు కోసం."

"మరి కిరసనాయిలెక్కడ దొరికింది?"

"అండ్ల ఎల్ఈడీ బల్బున్నది."

అర్షద్ మిషన్ దగ్గరికి పోయాడు.

మొదటి దెబ్బ వార్డు నాయకుడు మల్లికార్జున్‌కు తగిలింది. ఆయన పుట్టినరోజు ఫ్లెక్సీలో ఏటా ఆయన పక్కన ఒక సింహం నడుస్తూ వస్తుంది. ఈసారి కుమారస్వామి సింహాన్ని తీసేశాడు. "అన్నా, మీరు నిజంగ సింహంతోని తిరుగుతరా?" అని అడిగాడు కూడా. మల్లికార్జున్ నేరుగా శేఖర్ దగ్గరికి పోయి రెండు సింహాలు పెట్టించుకున్నాడు. గొప్ప పని చేసేవాళ్లకు మొదట్లో ఇలాగే అవుతుందని గురువుగారు ముందే చెప్పి ఉన్నారు కాబట్టి కుమారస్వామి సంతోషించాడు.

అప్పుడొచ్చింది ఖిలా వరంగల్ నుంచి రాజక్క. ఆమె భర్త గట్టయ్య ఎనుమాముల మార్కెట్లో ముప్పై అయిదేళ్లు హమాలీ. గుండె ఆగి పోయి వారమైంది. ఎల్లుండే దినాలు, అంటే పెద్దకర్మ.

"ఒక్క ఫొటో సుత మంచిది లేదు బిడ్డా. ఆధార్ కార్డుల దొంగ లెక్క పడ్డడు. ఇగో, ఈ ఫోన్ల ఒకటున్నది. మొకం వరకు తీసుకో. మిగతాది వద్దు. కోటెయ్యి."

తోటి హమాలీ ఎవరో తీసిన ఫొటో అది. వీపు మీద మిర్చి బస్తా, తల మీద గోనె మడత, ఘాటుకు ఎర్రబడిన కళ్లు. కుమారస్వామి ఫోను దగ్గరికి లాక్కున్నాడు. అతనికి అందులో గట్టయ్య కనిపించలేదు, తన పేరు కనిపించింది.

"పెద్దమ్మా, ఫికర్ చెయ్యకు. ఊరంత నిలబడి చూసేటట్టు చేస్త."

"కోటు మర్చిపోకు."

"ఆయన ఎట్లుండెనో అట్లనే కనవడాలె గద?"

"అట్లనే కనవడాలె. కోటెయ్యి."

ఆమె పోయాక కుమారస్వామి మూడు గంటలు కదలకుండా కూర్చుని కళాఖండం తయారుచేశాడు. పది అడుగుల ఫ్లెక్సీలో ఎడమ పక్కకు, నలుపు తెలుపుల్లో, బస్తాతో సహా గట్టయ్య. కుడి సగమంతా ఖాళీ తెలుపు. మబ్బుల్లేవు, పావురాల్లేవు, బంధువుల్లేవు, తేదీ కూడా లేదు. అడుగున చీమల్లాంటి అక్షరాలతో 'గట్టయ్య'. దాని కింద, కొంచెం పెద్దగానే, 'డిజైన్: మట్టి స్టూడియో'. ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే గురువుగారు స్వయంగా మెచ్చుకోలుగా మూడు అగ్గిమంట ఎమోజీలు పంపారు.

"రాజక్కకు చూపెట్టినవా?" అన్నాడు అర్షద్, మిషన్ ఎక్కించే ముందు.

"ఆర్టు ముందే చూపెట్టద్దు."

"యార్, ఇది ఆర్టా, దినాలా?"

ఫ్లెక్సీ చుట్టచుట్టి పంపేశారు. మర్నాడు పదకొండు గంటలకు అదే చుట్ట చంకలో పెట్టుకుని రాజక్క ఆటో దిగింది. దుకాణంలో నేల మీద పరిచింది.

"ఏందిది బిడ్డా?"

కుమారస్వామి నోరు తెరిచేలోపే ఆమె ఆ తెల్లటి ఖాళీ మీద వేలు పెట్టింది.

"ఇంత జాగ ఉత్తగ ఇడిసిపెట్టినవు. మా ఇంట్ల ఇంకెవలన్న పోయేదున్నదా?"

అర్షద్ వెనక గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. నవ్వు బయటికి రాకుండా మిషన్ ఆన్ చేశాడు.

"మా మరిది కట్టయ్య తన ఫొటో లేదని అలిగి, వంటోళ్లకు చెప్పనని మూలకు కూసున్నడు. అది పోనియ్యి. ఈ బస్తా ఏంది?"

"పెద్దమ్మా, ఇది అథెంటిక్. అంటే ఉన్నదున్నట్టు. ఆయన కష్టం కనవడాలె గద. కోటేస్తే అబద్దమైతది."

రాజక్క అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నువ్వు లాల్చీ ఏసుకుని, బల్బుకు లాంతరు తొడిగి ఏసం కట్టచ్చు. మా ఆయన ఒక్కనాడు కోటెయ్యద్దా? ఆయన కష్టం నాకు చూపెడ్తానవా బిడ్డా? వీపుకు నూనె రాసింది నేను. కండ్లు మండుతానయంటే తడిగుడ్డ పెట్టింది నేను. పోయినంకనన్న ఆ బస్తా దించుతడనుకున్న. నువ్వు దాన్ని పది ఫీట్లు చేసి, మా ఇంటి ముంగట మళ్ల ఎత్తినవు."

కుమారస్వామికి సిగ్గేసింది. నిజమైన సిగ్గు, చెవులు వేడెక్కే సిగ్గు. కోర్సులో దాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

"రేపు పొద్దుగాల దినాలు," అంది ఆమె. "చుట్టాలొస్తరు, వియ్యంకుడొస్తడు. ఆయన నలుగుర్ల మంచిగ నిలబడాలె. అంతే నాకు గావాల్సింది."

అతను కంప్యూటర్లో నీలం కోటు తెరిచాడు. గట్టయ్య తల పెట్టాడు. రెండు నిమిషాల పని. రాజక్క స్టూలు లాక్కుని కూర్చుని చూసింది, పెదవి విరిచింది.

"మొకం ఆయనదే. మనిషి కాదు."

"కోటంటివి గద పెద్దమ్మా?"

"కోటే. కని ఇట్ల గాదు." స్టూలు ముందుకు జరుపుకుంది. "బిడ్డ పెండ్లికి వియ్యంకుడు కోటేస్తాండని తెలిసి, హన్మకొండల దుకాణానికి పోయినం. తొడుక్కున్నడు. ఓ దిక్కు భుజం లేచింది, ఓ దిక్కు జారింది. బస్తాలు మోసి మోసి ఎడమ భుజం కిందికి వంగె గద. దుకాణపాయన నవ్విండు. ఈయన కోటిప్పి, మంచిగ మడతపెట్టి ఇచ్చేసిండు. 'నా భుజాలకు కోటు ఎవడు కుడుతడే' అన్నడు. తెల్లంగి కొనుక్కున్నడు. అప్పటిసంది మళ్ల ఆ ముచ్చట ఎత్తలే."

కుమారస్వామి బస్తా ఫొటో మళ్లీ తెరిచాడు. నిన్న మూడు గంటలు దానితోనే గడిపాడు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఆరువందల మందికి చూపించాడు, ఆ భుజాలను మాత్రం ఇప్పుడు చూస్తున్నాడు. ఎడమది బెత్తెడు కిందికి. కుడి పక్క మెడ కండ మోటుగా లేచి ఉంది.

పదకొండేళ్లలో మొదటిసారి ఆ కోటు మీద కత్తెర పెట్టాడు. ఎడమ భుజం దించాడు. "ఇంకొంచెం," అంది రాజక్క. ఇంకొంచెం దించాడు. కాలర్ పక్కకు జరిపాడు, మెడ చుట్టూ వెడల్పు చేశాడు, చంక దగ్గర పడాల్సిన ముడత ఎక్కడ పడుతుందో తెలియక లేచి, అద్దం ముందు తన భుజం వంచి చూసుకున్నాడు. "ఆ రుమాలు తియ్యి, ఆయన రుమాలు నెత్తికే కడతడు," అంటే తీసేశాడు. అలవాటుకొద్దీ చేయి తెలుపు పూయడానికి పోయి ఆగింది.

"వద్దా?" అన్నాడు.

"జర ఎయ్యి. పెండ్లినాడు అంత నల్లగ లేకుండె."

మబ్బులు వచ్చాయి, పావురాలు వచ్చాయి, బంధువులంతా వరసకు నిలబడ్డారు. అర్షద్ మూడు గ్లాసుల చాయ్ తెచ్చి, తన గ్లాసు తాగడం మరిచిపోయి వెనక నిలబడ్డాడు. సాయంత్రం అయిదు దాటాక రాజక్క స్టూలు మీది నుంచి లేచింది. తెర దగ్గరికి పోయి, కోటు ఎడమ భుజం మీద దుమ్ము దులిపినట్టు రెండుసార్లు వేళ్లతో తట్టింది.

"పట్టింది," అంది.

మర్నాడు దినాలకు కుమారస్వామి కూడా పోయాడు, మామూలు చొక్కా వేసుకుని. ఇంటి ముందు ఫ్లెక్సీ నిండుగా ఉంది. మట్టి స్టూడియో పేరు మాత్రం లేదు, ఆ జాగాలో కట్టయ్య ఫొటో పట్టాల్సి వచ్చింది. కట్టయ్య అలక మానేసి హుషారుగా వడ్డిస్తున్నాడు. మార్కెట్ నుంచి వచ్చిన హమాలీలు ఏడెనిమిది మంది ఫ్లెక్సీ ముందే నిలబడిపోయారు.

"గట్టన్ననే," అన్నాడు ఒకడు. "కోటేసుకున్నా గట్టన్ననే."

వాళ్లలో పెద్దవాడు, అతని భుజం కూడా ఎడమకే వంగి ఉంది, దగ్గరికి పోయి కోటును మెడ నుంచి చేతి దాకా పరీక్షగా చూశాడు. తర్వాత రాజక్క వైపు తిరిగాడు.

"వదినా, అన్న ఇది ఎప్పుడు కుట్టిచ్చుకున్నడు? ఎన్నడు చూడలే."

రాజక్క తడుముకోలేదు.

"బిడ్డ పెండ్లికే. మీరు నవ్వుతరని సిగ్గుపడి దాసిపెట్టుకున్నడు."

"నవ్వుడేంది వదినా. ఎంత మంచిగ పట్టింది."

అబద్ధాల మీద యుద్ధం ప్రకటించిన డిజైనర్ బంతిలోనే కూర్చుని ఉన్నాడు. పెద్దాయన అతని వైపు చూసి, "కాదా తమ్మీ?" అన్నాడు.

"అవును," అన్నాడు కుమారస్వామి. "ఆయన కొలతకే కుట్టింది."

తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.