బావగారి పిక్కు

కుడిచేతి బొటనవేలు గోరువెచ్చని నీళ్ళలో నానుతోంది. నీళ్ళగిన్నె వంటింటి బల్ల మీద ఉంది. బల్ల ముందు బావగారు, పట్టాభిషేకానికి సిద్ధమవుతున్న మహారాజు గాంభీర్యంతో, వెన్ను నిటారుగా నిలిపి, కళ్ళు సగం మూసి కూర్చున్నారు. స్నానయోగం సమస్త శరీరానికీ కాక ఒక్క వేలికే పట్టడం ఆ గాంభీర్యానికి ఏ లోపమూ చేయలేదు.

"ఉడికిందా, ఇంకో పొంగు రానివ్వనా?" అంది భార్య, పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరగకుండానే.

ఆయన వేలు పైకి తీసి, తువ్వాలుతో అద్ది, చూపుడువేలికి ఆనించి ఒత్తి చూశారు. కణుపు కలుక్కుమంది. గిటారు వాయించే మనిషికి ఆ రెండు వేళ్ళ నడిమి సందే సామ్రాజ్యం. తీగలను మీటే చిన్న ముక్క, పిక్కు, అక్కడే నిలవాలి. కొంతకాలంగా నిలవడం లేదు. గట్టిగా పట్టుకుంటే కణుపు భగ్గుమంటుంది. వదులుగా పట్టుకుంటే పిక్కు గిరుక్కున తిరిగి తన దారి తాను చూసుకుంటుంది. ఆ ద్రోహి మీద బావగారు చేయని దండయాత్ర లేదు. గరుకు కాగితంతో రుద్దారు, కొవ్వొత్తి మైనం పూశారు, సుద్దపొడి అద్దారు. ప్రతి యుద్ధంలోనూ పరాజయం పాలై, ప్రతి పరాజయం తరవాతా పళ్ళు కొరుక్కున్నారు.

"ఆ ముక్కకి చేసే సేవలో పావు వంతు నాకు చేసుంటే పుణ్యముండేది."

"నీకు జారిపోయే రోగం లేదుగా."

"లేదు. అందుకే ఇంకా ఈ కొంపలో ఉన్నాను."

ఆయన వాయించే బ్యాండును నడిపేది ఈవిడ తమ్ముడు. అతను "బావా" అని పిలవగా పిలవగా డ్రమ్మరుకూ, గాయనికీ, కడకు మధ్యాహ్న భోజనవేళ ఆ బ్యాండు చేత వాయింపించే హోటలు మేనేజరుకూ కూడా ఆయన బావగారే అయ్యారు. ఒక్క తమ్ముడున్న స్త్రీని పెళ్ళాడి ఇంతటి బంధుబలగాన్ని సంపాదించిన పురుషుడు మరొకడు ఉండడు. అయితే ఆ బలగంలో ఆయన వాయించే గిటారును ప్రత్యేకించి విన్నవారు ఎవరైనా ఉన్నారా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఆయన స్థానం వేదిక మీద వెనక వరసలో, పూలకుండీ పక్కన. పని రిథమ్ వాయించడం, అంటే పాట సాగినంతసేపూ వెనక నుంచి తీగలు మీటుతూ తాళం మోయడం. బావమరిది మొదటి రోజే ఉపదేశం చేశాడు: "మీరు ఉప్పులాంటివారు బావా. ఉండాలి, కానీ నోటికి తగలకూడదు." పిక్కులు కూడా అతనే ప్యాకెట్లకు ప్యాకెట్లు కొని తెచ్చేవాడు, ఉల్లిపొర కంటే కాస్త మందం. వాటితో మీటితే గిటారు దూరాన ఎవరో కాగితాలు తిరగేస్తున్నట్టు పలికేది. "మీ చెయ్యి మెత్తన బావా, అది మీ స్వభావం" అనేవాడు బావమరిది. ఇరవై ఏళ్ళుగా బావగారు దాన్ని ప్రశంసగా స్వీకరించడానికి శతవిధాల ప్రయత్నిస్తూ వచ్చారు.

పోయిన ఆదివారం ఆ ఉల్లిపొర వేళ్ళలోంచి ఎగిరి, రెండు బల్లలు దాటి, ఒక పెద్దావిడ సూపులో వాలింది. ఆవిడ దాన్ని చేప పొలుసని భ్రమించి వంటవాడిని పిలిపించింది. వంటవాడు దాన్ని గరిటెతో తీసి, తన వంశగౌరవం నిలబెట్టుకునే నిమిత్తం, ముందు వేదిక వైపు, తరవాత బావగారి వైపు చూపించాడు. హాలంతా నవ్వింది. విరామంలో మేనేజరు వచ్చి మెల్లగా చెప్పాడు: "ఇంకొక్కసారి ఎగిరిందంటే కుర్చీ తీయించేస్తాను బావగారూ. కీబోర్డులో గిటారు మీట ఉందట. అది ఎవరి సూపులోనూ పడదు."

ఆ నవ్వు వారం రోజులుగా బావగారి చెవుల్లో మరుగుతూనే ఉంది. అందుకే ఈ ఉదయం వేలు తుడుచుకుని, చొక్కా తొడుక్కుని, గిటారు భుజాన వేసుకుని, జీవితంలో మొదటిసారిగా తన పిక్కు తానే కొనుక్కోవడానికి బయలుదేరారు.

వాద్యాల దుకాణం మెట్ల కింద ఇరుకు గది. గోడ నిండా గిటార్లు మెడలకు కొక్కేలు తగిలించుకుని వేలాడుతున్నాయి. గల్లా దగ్గర కళ్ళజోడు ముక్కు చివరికి జారిన ఆవిడ పజిలు పూరిస్తోంది. పిక్కు కోసం వచ్చేవాళ్ళంటే ఆవిడకు పడదు. దుకాణమంతా గీకి చూసి, ఆలోచించుకుని వస్తామంటారు, రారు.

"ఎలాంటిది కావాలి?"

"జారనిది."

"పిక్కు జారదండీ, వేలు జారుతుంది. ఇప్పుడు వాడేది చూపించండి."

ఆవిడ ఉల్లిపొరను దీపానికి అడ్డం పెట్టింది. దీపం అడ్డేమీ లేనట్టే కనిపించింది.

"ఇదెవరిచ్చారు?"

"మా బావమరిది."

"మీరంటే పడదా అతనికి?"

"ప్రాణం పెడతాడు."

"ఇది వాయించడానికి కాదండీ. వాయిస్తున్నట్టు కనపడ్డానికి" అని ఆవిడ దాన్ని వెనక్కిచ్చి, సొరుగులోంచి ఒక అరల పెట్టె తీసి ముందుకు నెట్టింది. "మీరే చూసుకోండి. విసుగొస్తే చెప్పండి, నాకు ముందే వచ్చింది."

స్వయంవరం ఆరంభమైంది. మొదట ముందుకు వచ్చినది ఉక్కు పిక్కు, చల్లని స్పర్శ, కోటలు పగిలే అరుపు, తిరస్కృతం. చెక్కది నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టు గొణిగింది. కన్నీటిచుక్క ఆకారంలో నున్నగా మెరిసేది ఒకటి తన సన్నని మొనతో ప్రతి తీగనూ విడివిడిగా, స్ఫుటంగా పలికించింది, కానీ నాలుగో మీటుకే తడివేళ్ళలో సబ్బుముక్కలా పక్కకు ఒరిగింది. బావగారు దాన్ని బల్ల మీద పెట్టలేదు, కొట్టారు.

అప్పుడు కనిపించింది ఒక మూల, ముదురు గోధుమరంగులో. పెద్దది, మూడు మూలలది, నాణెమంత మందం, మొనలు గుండ్రం, రెండు వైపులా ఇసుక చల్లినట్టు గరుకు. దాన్ని ఆయన అలవాటు కొద్దీ నరాలు పొంగేలా అదిమి పట్టారు.

"దాని పీక పిసక్కండి" అంది ఆవిడ పజిలులోంచి తలెత్తకుండా. "తాళంచెవి పట్టుకున్నట్టు పట్టుకోండి. తలుపు తీసేటప్పుడు ఇంత పిసుకుతారా?"

ఆయన పట్టు సడలించారు. పిక్కు కదలలేదు. కణుపు ఏమీ అనలేదు. పై తీగ నుంచి కింది తీగ దాకా ఒక్కసారి మీటారు.

గిటారు పొట్ట ఆయన పొట్టకు ఆని అదిరింది. లావు తీగల గొంతు, తన వాద్యానికి ఉందని ఆయన ఎరగని గొంతు, గది నాలుగు మూలలకూ వెళ్ళింది. గోడ మీది గిటార్లు ఎవరూ ముట్టకుండానే సన్నగా బదులు పలికాయి. ఆవిడ పెన్ను ఆగింది.

ఇలాంటి ఘట్టంలో నాయకుడికి ఆనందబాష్పాలు రావడం ఆచారం. బావగారికి కోపం వచ్చింది. మెడ దగ్గర మొదలై చెవుల దాకా ఎర్రగా పాకింది. "ఇదే చెయ్యి" అన్నారు.

"ఏంటండీ?"

"నిన్నటి చెయ్యే ఇది. మెత్తన అన్నారే, ఆ చెయ్యే."

మధ్యాహ్నం హోటలు హాలులో చెంచాల సమరం మొదలైంది. బావమరిది కీబోర్డు ముందు చిరునవ్వుతో నిలబడ్డాడు. అతని చిరునవ్వు వృత్తిరీత్యా అలవడినది, నిద్రలో కూడా చెదరదని అక్కగారి సాక్ష్యం. మొదటి పాట మొదలైంది. బావగారు మీటారు.

చెంచాలు ఒక్క క్షణం నిలిచాయి. డ్రమ్మరు పుల్లలు ఆపకుండానే పక్కకు వంగి, "బావగారూ, ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ?" అన్నాడు. బావమరిది తల తిప్పి, నవ్వుతూనే, ఎడమ అరచేతిని కిందికి దించి చూపించాడు: తగ్గించండి. బావగారు పూలకుండీని నిశితంగా పరిశీలించారు. రెండో పాటకు అరచెయ్యి ఇంకాస్త కిందికి దిగింది. బావగారు తన గిటారు వైరు తగిలించిన పెద్ద స్పీకరులో శబ్దం పెంచి, ఇంకాస్త గట్టిగా మీటారు. ప్రతి మీటులోనూ ఒక ఏడాది లెక్క తీర్చుకుంటున్నారు: ఉప్పుగా ఉన్న ఏళ్ళు, మెత్తగా ఉన్న ఏళ్ళు, సూపులో పడి నవ్వులపాలైన వారం. పిక్కు వేళ్ళ మధ్య మేకు కొట్టినట్టు నిలిచింది. కుర్చీ భద్రమైంది. ఇక ఈ కుర్చీని ఎవడు కదిలిస్తాడో చూద్దామన్నట్టు ఆయన కాళ్ళు వెడల్పు చేసి కూర్చున్నారు.

విరామానికి ముందు ప్రతిరోజూ ఒక పాత పాట వాయిస్తారు. హోటలు యజమానికి అది ప్రీతి. ఆ పాట రాగానే బావమరిది కీబోర్డు వదిలి ఆయన దగ్గరికి వచ్చాడు.

"ఇవాళ ఇది వద్దులే బావా. ఇంకోటి వాయిద్దాం."

"ఎందుకు వద్దు?"

"ఊరికే. పోనీ మీరు ఈ ఒక్కదానికీ కాస్త విశ్రాంతి తీసుకోకూడదూ?"

"ఇరవై ఏళ్ళు తీసుకున్నా. మొదలుపెట్టు."

పాట మొదలైంది. పల్లవి మూడో పాదం చివర గాయని స్వరం సాగదీసి నిలుపుతుంది. కింద నుంచి కీబోర్డూ గిటారూ కలిసి దాన్ని ఎత్తిపట్టాలి. బావగారు వేళ్ళు తీగల మీద అమర్చి, నిండుగా మీటారు. భోజనం చేస్తున్నవారు పంటి కింద రాయి పడ్డట్టు తలలెత్తారు. గాయని స్వరం తడబడి, చీకట్లో మెట్టు వెతుక్కున్నట్టు అటూ ఇటూ తడుముకుంది.

కీబోర్డు తప్పింది, అనుకున్నారు బావగారు. అంతటి నాయకుడికి ఇంతటి పతనమా అన్నట్టు బావమరిది వీపు కేసి చూశారు. ఆ చూపులో ఒకింత సంతోషం కూడా ఉండకపోలేదు.

రెండోసారి అదే పాదం వచ్చింది. ఈసారి బావమరిది కీబోర్డు మీంచి రెండు చేతులూ తీసేశాడు. హాలు మొత్తం మీద స్వరం పలికేవి గాయని గొంతూ, గిటారూ, అంతే మిగిలాయి. బావగారు మీటారు. తప్పు ఒంటరిగా, నిండుగా, ఎంతో స్పష్టంగా, చివరి బల్ల దాకా నడిచివెళ్ళింది.

విరామంలో ఇద్దరూ వంటశాల వెనక నడవాలో నిలబడ్డారు. లోపల గిన్నెలు తోముతున్న చప్పుడు. బావమరిది రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"అక్కడ ఏం వాయించాలి?" అన్నారు బావగారు.

"పోనీండి బావా."

"అడుగుతున్నా కదా."

బావమరిది ఆయన ఎడమచెయ్యి పట్టుకుని, గిటారు మెడ మీద ఆయన పెట్టే వేళ్ళు పెట్టించి, చూపుడువేలిని కొద్దిగా పైకి లేపాడు. "ఇదొక్కటే. ఈ వేలు ఎత్తేస్తే సరిపోతుంది."

బావగారు మెల్లగా మీటారు. పాట మొత్తం ఆ ఒక్క స్వరంలో కన్ను తెరిచినట్టయింది. వేలు దించి మీటారు. ఎత్తి మీటారు.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"మొదటి నుంచీ."

"చెప్పలేదేం?"

"ఎలా చెప్పను బావా? అక్క మొగుడు మీరు. పదిమందిలో తప్పని ఎలా అంటాను? మొదట్లో ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. మీరేమనుకుంటారో, అక్క ఏమనుకుంటుందో అని..." అతను రుమాలు మడత పెట్టాడు. "పలచటి పిక్కులు కొనిచ్చాను."

"రోజూ తప్పే వాయించానా?"

"రోజూ. వినపడకపోతే తప్పేముంది బావా, ఎవరికీ ఇబ్బంది లేదు. మీకూ మర్యాద."

"ఒక్క వేలు ఎత్తమని చెప్పలేక" అన్నారు బావగారు, "మనిషినే లేకుండా చేశావు."

"అంత మాట ఎందుకు..."

"తిట్టాల్సింది. వెధవా, చెవులున్నాయా అని పిక్కు పెట్టి కొట్టాల్సింది. సాయంత్రానికల్లా నేర్చుకునేవాణ్ణి."

బావమరిది ముఖాన చిరునవ్వు లేదు. అది లేని ఆ ముఖాన్ని బావగారు మొదటిసారి చూశారు. భార్య పోలికలు అందులో స్పష్టంగా కనిపించాయి. కొట్టడానికి చెయ్యి రాలేదు. పిక్కును పళ్ళ మధ్య పెట్టి కరిచి పట్టుకున్నారు. వాద్యగాళ్ళు చేతులు ఖాళీ లేనప్పుడు అలా పెట్టుకుంటారు; ఆ స్థితిలో మాట రాదు, మాట్లాడాల్సిన అవసరమూ ఉండదు.

"రండి బావా. ఇప్పుడు తెలిసింది కదా, రెండో సగంలో మళ్ళీ వాయిద్దాం. మేనేజరుకి నేను చెప్తాను."

బావగారు తల ఊపారు. అది ఒప్పుకోలని బావమరిది అర్థం చేసుకుని లోపలికి వెళ్ళాడు.

రెండో సగం అనుకున్న వేళకే మొదలైంది. డ్రమ్మరు పుల్లలు తాటించి లెక్కపెట్టాడు, గాయని మైకు సవరించుకుంది. బావమరిది తొలి స్వరం నొక్కుతూ అలవాటుగా వెనక్కి తల తిప్పాడు. కుర్చీలో ఎవరూ లేరు. గిటారూ లేదు. పక్కతలుపు ఇంకా కొద్దిగా ఊగుతోంది. అతను పాట ఆపలేదు. భోజనాలు మధ్యలో ఉన్నాయి. పెద్దావిడ ఒకరు పెరుగు అడిగారు. బావగారు వెళ్ళిపోయిన సంగతి ఆ హాలులో ఇంకెవరికీ తెలియలేదు.

గిటారు నుంచి ఊడదీసిన నల్లటి వైరు మాత్రం తివాచీ మీద పడి ఉంది, రెండో కొస పెద్ద స్పీకరులోనే ఉంది. ఆయన పెంచిన శబ్దాన్ని ఎవరూ తగ్గించలేదు, గాయని చెప్పు అంచు ఆ ఇత్తడి కొనకు తగిలినప్పుడల్లా స్పీకరు బుర్రుమంది.