పట్టుకున్నావా?

ఆ ఇంట్లో ఏ వస్తువైనా చేతులు మారాలంటే మాట కావాలి. మంచినీళ్ళ గ్లాసు ఇచ్చేవాళ్ళు "పట్టుకున్నావా?" అనాలి, పుచ్చుకునేవాళ్ళు "పట్టుకున్నా" అనాలి, అప్పుడుగానీ ఇచ్చినవాళ్ళు చెయ్యి తియ్యరు. ఇది నాన్న పెట్టిన చట్టం. ఆయన పని, కట్టే భవనాల చుట్టూ ఇనప గొట్టాలతో పరంజా బిగించడం. పెళ్ళికి ముందెప్పుడో ఒక గొట్టం కింద మెట్టు మీదున్నవాడికి అందిస్తే, వాడు అందిందని చెప్పి జారవిడిచాడట. అది వాడి కాలి మీదే పడింది. మనిషి బతికాడుగానీ ఆ కాలు మళ్ళీ కుదురుగా నేల మీద ఆనలేదు. నాన్న ఈ కథ ఎప్పుడు చెప్పినా ఇంతే చెబుతాడు. ఆనాటి నుంచి ఉప్పు డబ్బా అందించినా సరే, అడిగి, విని, ఆ తరవాతే వదులుతాడు. వచ్చిన చుట్టాలు ముసిముసిగా నవ్వుకుంటారు. కూతుళ్ళిద్దరికీ తల కొట్టేసినట్టుంటుంది. అయినా అలవాటు పోతుందా? ఆ మాట వాళ్ళ నోట్లోంచి తుమ్ములా దానంతటదే వచ్చేస్తుంది.

అలాంటి ఇంట్లో పన్నెండు రోజులుగా చెల్లెలు అక్క చేతి నుంచి ఏమీ పుచ్చుకోవడం లేదు. అక్క పదో తరగతి, చెల్లెలు ఏడు. చెల్లెల్ని ఇంటా బయటా అందరూ పిడుగు అనే అంటారు. అక్క గ్లాసు అందించి అడుగుతుంది. పిడుగు గ్లాసు మీద చెయ్యి వేస్తుందిగానీ నోరు విప్పదు. జవాబు రాందే అక్క వదలలేదు, పిడుగు లాక్కోదు. కాసేపటికి ఆ గ్లాసు బల్ల మీద దిగుతుంది. అమ్మ చూసి, అక్కచెల్లెళ్ళన్నాక ఏ రిబ్బను దగ్గరో చెడుతుంది, మళ్ళీ అదే కలుస్తుందని ఊరుకుంది. చెడింది రిబ్బను దగ్గర కాదు.

బళ్ళ మధ్య పోటీ ఒకటి వచ్చింది. కథంతా నాట్యంతోనే చెప్పాలి, వేదిక మీద ఎవరి గొంతూ వినిపించకూడదు, వినిపిస్తే మార్కులు పోతాయి. డాన్సు టీచరు పిల్లల్ని కూర్చోబెట్టి మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు చేసే పనులు చెప్పమంది. పిడుగు లేచి నాన్న గొట్టం కథ చెప్పింది. టీచరు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, గొట్టానికి బదులు మనిషే పైనుంచి పడేటట్టు, కిందివాళ్ళంతా కలిసి పట్టుకునేటట్టు మార్చింది. పడే మనిషి పిడుగు. టీచరెత్తు ఉన్న చెక్క అరుగు అంచున వీపు ఇటు పెట్టి నిలబడుతుంది. కింద ఎనిమిది మంది నలుగురికి నలుగురు ఎదురెదురుగా నిలబడి చేతులు అల్లుతారు. తల వైపు ఒక పక్క అక్క, ఎదురుగా నిచ్చెన. నిచ్చెనంటే బళ్ళోకెల్లా పొడుగు పిల్ల, అంత పొడుగులోనూ నోట్లో నాలుక లేని పిల్ల. అక్కడ సంగీతం ఆగిపోతుంది. అందరి చేతులూ బిగిశాక అక్క మడమతో వేదిక చెక్క నేల మీద రెండుసార్లు తడుతుంది. టక్, టక్. పిడుగు వెనక్కి చూడకుండా పలకలా పడిపోతుంది.

పన్నెండు రోజుల కిందట సాధనలో అక్క తట్టింది, పిడుగు పడింది. బరువు మీదికొస్తున్న క్షణంలో అక్క కళ్ళు మూసుకుంది. చేతులు వాటంతటవే వెనక్కొచ్చేశాయి. పిడుగు భుజం నేలకు కొట్టుకుని మోచెయ్యి ఉబ్బింది. ఎవరి చేతులు వదిలాయని టీచరు అడిగింది. ఆ ప్రశ్న పూర్తి కాకముందే అక్క నోరు జారింది: ముందు కదిలింది నిచ్చెనేనంది. పాపం నిచ్చెన తన చేతులకేసి తను చూసుకుని, నిజమే కాబోలనుకుంది. మర్నాడు తన దగ్గరున్న ఒకే ఒక్క చాక్లెట్ తెచ్చి పిడుగుకిచ్చి క్షమించమంది.

కానీ పడినవాళ్ళ వీపుకి తెలియదా, ఏ పక్క చేతులు మాయమయ్యాయో? పిడుగు టీచరుకు చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. మోచేతికి కట్టు చూసి అమ్మ అడిగితే ఆటలో పడ్డానంది. మర్నాడు బస్సులో పక్కన కూర్చున్న అక్కతో మాత్రం ఒక్క ముక్క అంది.

"నువ్వు వదిలేసినందుకు కాదు."

అంతే, ఇక ఉలుకూ లేదు, పలుకూ లేదు. అక్కకు అర్థం కాకపోలేదు. నిజం చెప్పేద్దామని రోజూ బయల్దేరేది, రోజూ గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. టీచరు తీసేస్తుందని కాదు ఆమె భయం. ఆ మాట ఇంటికి చేరితే? చెయ్యి వదలడమంటే ఏమిటో తెలిసిన నాన్న ముందు, వదిలింది నేనేనని ఎలా నిలబడాలి?

పోటీ రోజు రానే వచ్చింది. పొద్దున ఆ హాల్లో ఖాళీ వేదిక మీద, కింద పరుపు వేసి రెండుసార్లు సాధన చేశారు. రెండుసార్లూ పిడుగు మోచేతులు వెనక్కి పెట్టి పడింది. టీచరు మండిపడింది. పలకలా పడితేనే ఎనిమిది మంది మీదా బరువు సమానంగా పడుతుంది, మోచేతులు ముందుగా తగిలాయంటే కిందివాళ్ళ ముక్కులు పగులుతాయి, నీ మెడకే ప్రమాదమంది. పిడుగు తల ఊపింది. నమ్మకం లేనివాళ్ళ మోచేతులు ఎవరు చెప్పినా వినవని అక్కకు తెలుసు. సాయంత్రం పరుపు ఉండదని కూడా తెలుసు.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. మూడో వరసలో నాన్న, ఇస్త్రీ చీరలో అమ్మ. ముందు వరసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు, ఒళ్ళో కాగితాలు. వీళ్ళ వంతు వచ్చింది. పద్నాలుగు మంది పిల్లలు కర్రలతో అంతస్తు మీద అంతస్తు కట్టారు, చెమట తుడుచుకున్నారు, గొట్టాలు అందించుకున్నారు. జనం కదలకుండా చూస్తున్నారు. పిడుగు అరుగెక్కి అంచుకొచ్చి, అటు తిరిగి నిలబడింది. సంగీతం ఆగింది. ఎనిమిది జతల చేతులు బిగిశాయి. అక్క మడమ ఎత్తి తట్టింది.

చప్పుడు రాలేదు.

అప్పుడు చూసుకుంది కాళ్ళ కింద. మధ్యాహ్నం ఎవరో ముఖ్య అతిథిగారి ప్రసంగం కోసం వేదికంతా దళసరి తివాచీ పరిచారు. ఆయన మాట్లాడి వెళ్ళిపోయాడు, తివాచీ ఉండిపోయింది. పొద్దుట్నుంచీ మోచేతుల గొడవే తప్ప నేల సంగతి పట్టించుకున్న నాథుడు లేడు. అక్క మళ్ళీ తట్టింది, ఈసారి మడమ నొప్పెట్టేలా. తివాచీ మింగేసింది.

పైన పిడుగు కదల్లేదు. తట్టకుండా పడకూడదు, వెనక్కి తిరగకూడదు, అదీ నియమం. ఒక క్షణం, రెండు, నాలుగు. తెర పక్క నుంచి టీచరు పడు పడు అన్నట్టు గాల్లో చేతులు ఆడిస్తోంది, ఆమె పిడుగుకి కనపడదు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన కాగితం మీంచి తలెత్తాడు. పిడుగు మడమలు అంచు మీద కొంచెం కదిలాయి. దిగిపోతుందేమోననుకుంది అక్క. దిగిపోయినా తప్పు పట్టడానికి తనకు నోరెక్కడిది?

అంతలో పైనుంచి, వెనక్కి తిరక్కుండానే, పిడుగు అడిగింది.

"పట్టుకున్నావా?"

పెద్ద గొంతు కాదు, అయినా ఆ నిశ్శబ్దంలో వెనక బెంచీల దాకా వినపడింది. బస్సులో అన్న ఆ ఒక్క ముక్క తరవాత చెల్లెలు తనతో ఆడిన మొదటి మాట అది. మార్కులు ఎలాగూ పోయాయి, అక్క తటపటాయించింది వాటి కోసం కాదు. ఆ మాటకు తమ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అబద్ధం జవాబు చెప్పలేదు. ఈ చేతులు మళ్ళీ అదే పని చేస్తే? అక్క నిచ్చెన మణికట్లను గట్టిగా దొరకబుచ్చుకుంది. కళ్ళు పెద్దవి చేసి, ఏం జరిగినా మూయనని ఒట్టు పెట్టుకుంది.

"పట్టుకున్నా."

పిడుగు పడింది. ఈసారి అక్క మొత్తం చూసింది. జడ గాల్లోకి లేవడం, వీపు వంగకుండా పెద్దదై మీదికి రావడం, మోచేతులు ఒంటికి అంటుకునే ఉండడం, అన్నీ చూసింది. బరువు చేతుల్ని కిందికి గుంజింది, భుజాలు కలుక్కుమన్నాయి, కాళ్ళు తివాచీలో కూరుకున్నాయి. చేతులు ఉన్నచోటే ఉన్నాయి. హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. అక్కకు ఏడుపొచ్చింది, ఏడవడానికి వీల్లేదు, కథ ఇంకా కొంచెం మిగిలుంది.

మూడో స్థానం వచ్చింది. రెండు గొంతులు వినిపించాయి గనక మార్కులు కోశారు, లేకపోతే కప్పు వీళ్ళదేనట. వేదిక వెనక నడవాలో టీచరు పిల్లల్ని వరసగా నిలబెట్టింది. మంచినీళ్ళ సీసా పట్టుకుని అమ్మా నాన్నా అప్పుడే అక్కడికొచ్చారు. అమ్మ అడిగి, విని, ఆ సీసా పిడుగుకిచ్చింది. నెల రోజులు నోరు మూసుకోమని చెప్పిచెప్పి నా నోరు పోయింది, ఎవరు విప్పమన్నారు నోళ్ళు అని టీచరు దులిపేస్తోంది. పిడుగు నోరు తెరవబోయింది, అక్క ముందుకొచ్చేసింది.

"జవాబు చెప్పింది నేను టీచర్. ఆ రోజు చేతులు తీసింది కూడా నేనే. నిచ్చెన కాదు."

అక్క తల వంచుకునే ఉంది, నాన్నవైపు చూడలేదు. నాన్న గొంతే ముందు వచ్చింది.

"నేనూ అలాగే చెప్పాను, ఆ గొట్టం వాడే జారవిడిచాడని. వాడు అందిందని అసలు అన్లేదు. నేను వినకుండానే వదిలేశాను."

ఇన్నేళ్ళ కాపురంలో అమ్మ ఆ మాట వినడం అదే మొదటిసారి. ఆమె ఆయన మొహంలోకి చూసి, కొంగు సర్దుకుంది. టీచరుకు తిట్లు మధ్యలోనే అయిపోయాయి.

నిచ్చెన మాత్రం చాలాసేపు ఆలోచించింది. చివరికి, "నా చాక్లెట్ నాకు కావాలి," అంది. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. "పెద్దది," అని కలిపింది. రేపే తెస్తానని అక్క ఒప్పుకుంది.

పిల్లలు బట్టలు మార్చుకోవడానికి వెళ్ళారు. అక్క గోడకానుకుని నిలబడింది, పెదాలు ఎండిపోయాయి. పిడుగు సీసాలో సగం నీళ్ళు తాగి, మూత బిగించి, దగ్గరకొచ్చి చాపింది. అక్క చెయ్యి వేసింది.

"పట్టుకున్నావా?"

అక్క నోరు తెరిచిందిగానీ మాట రాలేదు. పిడుగు సీసా వదల్లేదు. జవాబు వచ్చేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.