చిక్కిపోయిన పుస్తకం

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో కూర్చుని వీధిని చిన్నచూపు చూడటం నాయనమ్మకి ఉద్యోగంలాంటిది. అసలు ఉద్యోగం సిటీబస్సులో కండక్టరు. అది మానేసి చాలాకాలమైంది కానీ చూపు మాత్రం రిటైరవలేదు. ఎదురింటాయన కొత్త కారుని చంటిబిడ్డకి స్నానం చేయిస్తున్నట్టు కడుగుతుంటే, ఆవిడ ఒకసారి చూసి, పెదవి విరిచి, ‘హుఁ’ అనేది. కారు రెండు వేళ్ళ మేర తగ్గేది. “పొద్దున్నే ఏంటండీ పెద్దమ్మగారూ!” అని ఆయన విసుక్కుని, మిగిలిన కారు తుడుచుకునేవాడు.

నాయనమ్మ మనస్ఫూర్తిగా ఈసడించుకున్నది ఏదైనా చిక్కిపోతుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఉత్తినే నటిస్తే కుదరదు, కడుపులోంచి రావాలి. బీరువా గుమ్మంలో ఇరుక్కున్న రోజు కొడుకు తల్లిని పిలిచి, దాన్ని అమ్మినవాడు కొట్టిన డప్పు అంతా వరసగా వినిపించాడు. సగం వినేసరికే బీరువా లోపలికి వచ్చేసింది. ఆవిడ డ్యూటీలో ఉన్న బస్సులో ఎంతమంది ఎక్కినా చోటు సరిపోయేదట. టిక్కెట్టు తీసుకోకుండా నిద్ర నటించే పెద్దమనుషులు సీట్లోనే సగమైపోయి పక్కవాళ్ళకి జాగా ఇచ్చేవారు. మనుషులు బస్సు దిగాక మళ్ళీ మామూలయ్యేవారు. వస్తువులకి ఆ అదృష్టం లేదు.

అలాంటి ఇంట్లోకి మనవరాలు ఒక టాబ్ తెచ్చింది.

మనవరాలు నర్సింగ్ చదువుతోంది. ఆ కాలేజీ ప్రిన్సిపాలుకి ఒకరోజు జ్ఞానోదయమైంది. కాగితం పాతబడిపోయిందని ఆయనకి ఎవరో కోటు వేసుకున్నవాడు చెప్పాడు. వెంటనే పుస్తకాలన్నీ మూటలు కట్టించి, లైబ్రరీలో రంగురంగుల మెత్తని సంచులు పరిపించి, వాటిమీద కూర్చుంటే చదువు దానంతటదే వస్తుందన్నట్టు ఉపన్యాసం ఇచ్చాడు. ఆ సంచుల్లో కూర్చున్న వాళ్ళు లేవలేకపోయారు తప్ప, చదివిన దాఖలా లేదు. పిల్లలందరికీ తలొక టాబ్ చేతిలో పెట్టి, ఇక భవిష్యత్తు మీదేనన్నాడు.

భవిష్యత్తు ఎలా ఉందంటే, పుస్తకం తెరవగానే తిరిగే చక్రం. చక్రం ఆగాక పాస్‌వర్డు. పాస్‌వర్డు కొట్టాక, మీరు నిజంగా మనిషేనా అని ఒక ప్రశ్న. మనిషేనని ఒప్పించుకున్నాక, పుస్తకం కొత్త రూపం దాల్చబోతోందనీ ఓపిక పట్టమనీ ఒక సలహా. కొత్త రూపం దాల్చిన పుస్తకంలో అంతకుముందు రోజు ఆ పిల్ల పసుపు రంగు పూసుకున్న వాక్యాలన్నీ తెల్లగా కడిగేసి ఉండేవి. పేజీ తిప్పితే ఒకటికి నాలుగు తిరిగేవి. వెనక్కి తిప్పితే అట్ట దగ్గరికి పోయేది. పైగా పేజీ పేజీకీ అది ఎక్కడో ఉన్న తన యజమానిని అనుమతి అడగాలి. సిగ్నల్ లేకపోతే అనుమతి లేదు, అనుమతి లేకపోతే పేజీ లేదు. బజారులో పుచ్చకాయ అమ్మేవాడు కూడా కోసిన ముక్క మళ్ళీ లాక్కోడు.

వీటన్నిటికీ మించిన ఘనకార్యం పేజీ నంబర్లది. మనవరాలికి చూపు తక్కువ. అక్షరాలు పెద్దవి చేసుకుని చదివేది. అక్షరాలు పెద్దవైతే పేజీకి పట్టే మాటలు తగ్గుతాయి, పేజీలు పెరుగుతాయి. ట్యూటరు మేడమ్ తన టాబ్‌లో చూసుకుని, “రెండొందల పన్నెండు నుంచి రెండొందల నలభై దాకా పరీక్షకి” అని చెప్పేది. ఆవిడ రెండొందల పన్నెండులో మందుల మోతాదులు ఉండేవి. ఈ పిల్ల రెండొందల పన్నెండులో పక్కలు సర్దడం, దుప్పట్లు మడవడం ఉండేది. టర్మంతా దుప్పట్లు మడవడం కంఠతా పట్టి, పరీక్షలో మోతాదుల మీద ప్రశ్నలు చూసి, తెల్లమొహం వేసి, ఫెయిలైంది.

సంగతి తెలిశాక వెళ్ళి చెప్పుకుంది.

“అందరికీ ఒకటే పుస్తకం కదమ్మా?” అంది ట్యూటరు, తన టాబ్‌లోంచి తల ఎత్తకుండా.

“పుస్తకం ఒకటే మేడమ్. పేజీలు వేరు.”

“ఒకే పుస్తకానికి పేజీలు వేరుగా ఎలా ఉంటాయి? చదవని వాళ్ళకి వంద సాకులు. నీలాంటి వాళ్ళకి ఏ చెట్టు కిందో పాఠం చెప్పాలి గానీ టాబ్‌లెందుకు?”

పక్కనున్న వాళ్ళు నవ్వారు. మనవరాలు తల దించుకుని వచ్చేసింది. మళ్ళీ ఒకసారి రాయనిస్తారు. అదీ పోతే కాలేజీలోంచి పేరు కొట్టేస్తారు, ఆసుపత్రిలో చేరే మాట అక్కడితో సరి. చెప్పుల షాపు కౌంటరు వెనక నిలబడటం తప్ప ఇంకో దారి లేదు. చెప్పుల షాపు తప్పని కాదు. ఆ పిల్లకి ఊహ తెలిసినప్పటి నుంచీ నర్సు కావాలనే ఉంది, అంతే.

టాబ్ ఇంటికొచ్చిన రోజునుంచీ మనవరాలి తల్లి దాని మీద తువ్వాలు కప్పి దాచింది. ఆవిడ స్కూలు యూనిఫారాలు కుట్టే మనిషి, కొలతలు మారితే ఎంత గొడవో తెలుసు.

“అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, దాని వంక చూడకండి. అది కాలేజీ వాళ్ళది. ఇచ్చిన సైజులోనే తిరిగివ్వాలి.”

“నాకేం పని దాంతో?” అంది నాయనమ్మ. కానీ సిగ్నల్ ఇంటి మొత్తానికి ఒక్క బాల్కనీలోనే వస్తుంది, అదీ నాయనమ్మ కుర్చీ పక్కనే. పరీక్ష దగ్గరపడేసరికి మనవరాలు తువ్వాలు తీసి, స్టూలు లాక్కుని అక్కడే కూర్చుంది. అక్షరాలు ఎంత పెద్దవి చేసినా ఎండలో తెర అద్దంలా మెరిసి, పాఠానికి బదులు తన ముక్కే కనపడేది. కనపడినంత మటుకు కూడబలుక్కుంటూ పైకే చదివేది.

“ఈ అధ్యాయం పూర్తయ్యేసరికి అభ్యాసకులు మోతాదుల యొక్క ప్రాముఖ్యత యొక్క అవగాహనను పెంపొందించుకోగలుగుతారు...”

‘హుఁ’ అంది నాయనమ్మ.

వాక్యం చిక్కి చీమ తలంత అయింది. టాబ్ కూడా అన్ని వైపులా కొంచెం లోపలికి వచ్చింది.

“నాయనమ్మా!”

“నేనేం చేశానే? సోది చెబుతుంటే విన్నాను.”

“అమ్మ చెప్పింది కదా, ఊరుకోవా?”

“తుమ్ము ఆపమంటే ఆపగలనా? నువ్వు చదువు.”

చదివింది. ‘మీ ప్రగతిని స్నేహితులతో పంచుకోండి’ పోయింది. తెల్లకోటు వేసుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న అమ్మాయి బొమ్మ పోయింది. ‘ఇరవై ఒకటో శతాబ్దపు ఆరోగ్య రంగంలో’ అని మొదలైన పేరా మొత్తం ఒక్క ‘హుఁ’కి గల్లంతు. పెద్ద పలకంత గొప్పగా వచ్చిన టాబ్ ఆ సాయంత్రానికి పోస్టుకార్డంత మిగిలింది. తల్లి మిషను ఆపి వచ్చి చూసి నెత్తి బాదుకుంది.

అసలు గండం మర్నాడు వచ్చింది.

“ఒకటికంటే తక్కువ మోతాదు రాసేటప్పుడు చుక్క ముందు సున్నా తప్పకుండా రాయవలెను,” అని చదివింది మనవరాలు.

“సున్నా రాస్తే ఎంత, మానేస్తే ఎంత?” అని నాయనమ్మ పెదవి విరవబోయింది.

మనవరాలు గభాల్న ఆవిడ మూతికి చెయ్యి అడ్డం పెట్టింది. “ఆగు! ఇది పోతే నేను పోయినట్టే!”

“ఏముంది ఇందులో?”

“సున్నా రాయకుండా చుక్క పెట్టి మూడు రాశామనుకో. కాగితం మీద చుక్క కనపడకపోతే? కనపడదు కదా, ఈగ వాలినంత ఉంటుంది. మూడు అని చదువుతారు. పదింతలు మందు ఎక్కించేస్తారు. చంటిపిల్లయితే ఇంకేమైనా ఉందా? ముందు సున్నా ఉంటే, ఇక్కడేదో చుక్క ఉండాలే అని ఆగి చూస్తారు.”

నాయనమ్మ ఆ పిల్ల చెయ్యి తీసి, తెర వంక కాసేపు చూసింది. “అలా చెప్పి ఏడవొచ్చుగా ఆ రాసినవాడు!” అంది. వాక్యం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

ఇక ఆ రోజునుంచీ బాల్కనీలో కోర్టు మొదలైంది. మనవరాలు ఒక వాక్యం చదవడం, నాయనమ్మ ముక్కు ఎగబీల్చడం, ఆ ఊపిరి ‘హుఁ’గా మారేలోపు మనవరాలు దాన్ని కాపాడుకోవడం. కాపాడాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే తనకి తెలియాలి. తెలియకపోతే ముందు పేజీలు వెతకాలి, చక్రం తిరుగుతుంటే దాన్ని తిట్టుకోవాలి, అదీ కుదరకపోతే కింది వాటాలో ఉండే కాంపౌండరు గారి దగ్గరికి పరుగెత్తాలి.

“ఖాళీ కడుపున ఇవ్వకూడదట.”

“ఎవరు చెప్పారు? నేను ఎన్ని మాత్రలు మింగలేదూ ఖాళీ కడుపున!”

“అందుకే నీకు కడుపులో మంట.”

“నా మంట మాత్రల వల్ల కాదే, మనుషుల వల్ల,” అంది నాయనమ్మ. కానీ ఆ వాక్యాన్ని వదిలేసింది.

ఓడిన కేసులూ ఉన్నాయి. ప్రిన్సిపాలు రాసిన ముందుమాటని కాపాడటానికి ఆ పిల్ల ఒక్క ముక్క కూడా దొరికించుకోలేకపోయింది. అది పోయినప్పుడు టాబ్ బాగా బరువు తగ్గింది. పరీక్ష నాటికి అది అగ్గిపెట్టెంత అయింది. అందులో మిగిలినదంతా పనికొచ్చేదే. అక్షరాలు మాత్రం ఎప్పటిలాగే పెద్దవి, ఒక్కొక్క తెరకి ఒకటే మాట. కాబట్టి చూసి చదవడం మానవమాత్రుడి వల్ల కాదు.

ఈసారి పరీక్ష రాసేది కాదు, నోటితో చెప్పేది. పరీక్ష చెయ్యడానికి ఆసుపత్రినుంచి, అక్కడి నర్సులందరికీ పెద్దయిన మేట్రనమ్మ వచ్చింది. జుట్టు బిగించి కట్టుకుని, నవ్వు ఇంట్లో పెట్టి వచ్చినట్టుంది. బల్లమీద ఆవిడ టీ కప్పుకి కూడా చోటు లేకుండా ట్యూటరు తన టాబ్, దాని స్టాండు, దాని కీబోర్డు పరిచింది. కప్పు పాపం మేట్రనమ్మ చేతిలోనే చల్లారిపోతోంది. మనవరాలు జేబులోంచి అగ్గిపెట్టెంత టాబ్ తీసి బల్ల అంచున పెట్టింది.

“చూశారా మేడమ్?” అంది ట్యూటరు. “కాలేజీ ఆస్తిని ఏం చేసి తెచ్చిందో! మొదటిసారి ఫెయిలైన కేసు ఇదే. పుస్తకమే సరిగ్గా ఉంచుకోని పిల్ల రోగినేం చూస్తుంది? సున్నా వేసి పంపించేద్దాం, మన టైమైనా మిగులుతుంది.”

మనవరాలికి చెప్పుల షాపు కౌంటరు కళ్ళముందు కనపడింది.

మేట్రనమ్మ కప్పు రెండో చేతిలోకి మార్చుకుని, ఆ పిల్ల వంక చూసింది. “డాక్టరు ఒక మాత్ర రాశాడు. నువ్వు పట్టుకెళ్ళావు. రోగి ‘నేను రోజూ వేసుకునేది ఈ రంగు మాత్ర కాదమ్మా’ అంది. ఏం చేస్తావు?”

“ఇవ్వనండీ.”

“డాక్టరు రాశాడుగా. ఇచ్చెయ్యి.”

“ఇవ్వనండీ. ఆగుతాను. మళ్ళీ వెళ్ళి చీటీ చూస్తాను, సీసా చూస్తాను, పేరు చూస్తాను.”

“ముసలావిడ. ఏదో చాదస్తం. అవతల వార్డంతా మందులకోసం చూస్తోంది. ఎందుకంత రాద్ధాంతం?”

ట్యూటరు ముసిముసిగా నవ్వింది. ఇదివరకటి పిల్లయితే ఇక్కడ తల దించుకునేది. కానీ పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇంతకంటే మొండి మనిషితో వాదించి వాదించి ఆ పిల్ల గొంతు రాటుదేలిపోయింది.

“చాదస్తమే కావచ్చండీ. కానీ ఆ మాత్ర రోజూ మింగేది ఆవిడ, నేను కాదు. నా చేతిలోకి రాకముందు అది చాలా చేతులు దాటి వచ్చింది. ఎక్కడ తప్పు జరిగినా పట్టుకోవడానికి మిగిలింది ఆవిడ ఒక్కతే. ఆవిడ మాట కొట్టిపారేస్తే ఇక పట్టుకునేవాళ్ళు లేరు. రంగు మారినా మందు అదే కావచ్చు. అదే అయితే వెనక్కొచ్చి చెప్పి ఇస్తాను. వార్డు కాసేపు ఆగుతుంది. మింగిన మాత్ర వెనక్కి రాదు.”

మేట్రనమ్మ చల్లారిన కప్పు బల్లమీద పెట్టబోయి, చోటు లేక మళ్ళీ పట్టుకుంది.

“చెప్పడం బాగానే ఉంది,” అని ట్యూటరు టాబ్ మీద వేలు ఆడించింది. చక్రం తిరుగుతోంది. “కానీ రిఫరెన్సు ఏది? ఏ పేజీలో ఉందో చెప్పు. పేజీ చెప్పకపోతే మార్కులు వెయ్యడానికి సిస్టమ్ ఒప్పుకోదు.”

మనవరాలు ఆవిడ వంక చూసింది. తర్వాత చక్రం వంక చూసింది. ఏదో అందామనుకుంది. ఎక్కడో కడుపులోంచి, తనకే తెలియకుండా, ‘హుఁ’ అని వచ్చింది.

టాబ్, స్టాండు, కీబోర్డు ఒకదాని వెనక ఒకటి ముడుచుకుని, బల్ల అంచున ఉన్న ఆ అగ్గిపెట్టె పక్కన సర్దుకున్నాయి. ట్యూటరు వేలు బల్లమీద ఆడుతూ ఉండిపోయింది. మేట్రనమ్మ ఖాళీ అయిన చోట కప్పు పెట్టి, పెన్ను తీసి, మనవరాలి పేరు ఎదురుగా సంతకం చేసింది.

“సోమవారం నుంచి పిల్లల వార్డుకి రా,” అంది. “ఈలోగా ఎవరైనా నాకు వేడి టీ తెప్పిస్తారా?”