చెదలు తిన్న నెల

నాకు కోపం ఎక్కువ. దాచుకుంటే దాగేది కాదు కాబట్టి ముందే చెబుతున్నాను. దఫ్తర్‌లో నా వెనకాల నన్ను మిరపకాయ విఠల్‌రావు అంటారని కూడా తెలుసు. అననీ. రోజుకు నలభై దరఖాస్తులు చదివేవాడికి ఆమాత్రం ఘాటు లేకపోతే ఎట్లా?

నేను చూసేది ముల్కీ సర్టిఫికెట్ల పని. హైదరాబాద్ రాజ్యంలో పదిహేనేళ్లు స్థిరంగా ఉన్నవాడు, సొంతూరికి తిరిగిపోయే ఉద్దేశం వదులుకున్నవాడు ముల్కీ. సర్కారు కొలువు అతనిది. కానివాడు గైర్‌ముల్కీ. రూలు ఇంత తేలిక. కానీ 1948లో పోలీస్ యాక్షన్‌తో నిజాం పాలన పోయిన తరువాత ఏమైంది? నిన్న నాంపల్లిలో రైలు దిగినవాడు ఇవాళ చార్మినార్ నీడలోనే పుట్టానని కాగితం పట్టుకొచ్చేవాడు. ఆ దొంగ సర్టిఫికెట్ల మీదనే కిందటేడు, అంటే 1952లో, పిల్లలు బడులు మానేసి రోడ్డెక్కారు. షహర్ షహరంతా లొల్లి. మా తమ్ముడు రంగనాథ్ మెట్రిక్ ఫస్ట్ క్లాసులో పాసై కూడా అఫ్జల్‌గంజ్‌లో బట్టల దుకాణంలో గజం కర్ర పట్టుకుని నిలబడ్డాడు. వాడికి రావలసిన కొలువులో ఒక దొంగ కాగితం కూర్చుంది. కాబట్టి నా కోపం ఊరికే వచ్చింది కాదు.

అట్లాంటి రోజుల్లో, ఈ ఏడు ఫిబ్రవరిలో, సుందరమ్మ నా బల్ల ముందుకు వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. తెల్ల చీర, చేతిలో గుడ్డసంచి. శాలిబండలో సర్కారు ఆడపిల్లల బడిలో టీచరు. కొలువు పక్కా కావాలంటే ముల్కీ సర్టిఫికెట్ కావాలి. వేసవి సెలవులకు బడి మూసేలోగా అది ఇవ్వకపోతే ఇంటికి పొమ్మన్నారు.

"ఎప్పుడొచ్చినవమ్మా హైదరాబాద్‌కు?" అని అడిగాను.

"నాకు ఏడేండ్లప్పుడు. మా నాయన ప్రకాశం కంపౌండర్ పని మీద వస్తే ఆయన తోటి వచ్చిన. ఇరవై ఒక్క ఏండ్లయిందండీ."

అండీ! ఆ మాట చెవిన పడగానే నా ఒళ్లు మండింది. మా గల్లీల్లో ఎవరంటారండీ, గిండీ? కృష్ణ దాటి వచ్చినవాళ్ల మాట అది. ఇరవై ఒక్క ఏళ్లట! అందరూ ఇరవై ఏళ్లనే అంటారు. నిరుడు వచ్చానని చెప్పినవాడు ఒక్కడు లేడు.

"చదివిన బడి రిజిస్టర్ తెచ్చినవా?"

"ఆ బడి మూతపడిందండీ. మేమున్న ఇంటి బేగమమ్మ సాక్ష్యం చెప్తనంటుంది. ముసలామె, చూపు లేదు గాని..."

"ఒక కప్పు చాయ్‌కి సాక్ష్యం చెప్పేటోళ్లు నాకు మస్తుమంది తెల్సు. కాగితముంటే చూపియ్యి."

సంచిలోంచి ఒక కాగితం తీసింది. వాళ్ల నాన్న ట్రంకుపెట్టెలో దొరికిందట. హుస్సేనీ ఆలంలోని లాడ్లీ బేగం ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్న కాగితం. ఉర్దూలో, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోయే గొలుసుకట్టు రాత. అది అందరికీ రాదు, నాకు వచ్చు. సుందరమ్మకు రాదు. కింద తారీకు దగ్గర చెదలు తినేశాయి. నెల పేరులో ఆఖరి ముక్క "బాన్" మిగిలింది. దాని పక్కన సంవత్సరం 1350.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆబాన్. మా పాత సర్కారు ఫస్లీ లెక్కలో ఆఖరి నెల. ఆబాన్ 1350 అంటే ఇంగ్లీషులో 1941 సెప్టెంబర్.

"పదకొండేండ్లే అయింది. పదిహేను కావాలె. కాగితం అబద్ధం చెప్తదా?" అన్నాను.

"నాకు ఏడేండ్లప్పుడే వచ్చినమండీ" అని మాత్రం అంది. ఏడవలేదు, బతిమాలలేదు. నేను ఫైలు మీద నామంజూర్ అని రాశాను. మా పైసాహెబు మద్రాసు నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాడు, ఉర్దూ ముక్క రాదు. నేను రాసినదాని కింద సంతకం పెట్టాడు. ఒక దొంగను పట్టానన్న సంబరంతో ఆ పూట రెండు చాయ్‌లు తాగాను.

రెండు నెలలు గడిచాయి. ఏప్రిల్ ఆఖరులో షబేబరాత్ పండుగ వచ్చింది. పొద్దు వాలేసరికి మా గల్లీలో ముసల్మానుల ఇళ్ల గోడల మీద దీపాలు వరస కట్టాయి. పిల్లలు పటాకులు కాలుస్తున్నారు. నేను ముందుగదిలో కుర్చీ వేసుకుని పేపర్ చదువుతున్నాను.

"రా రా టీచరమ్మా, లోపలికి రా!" అని మా ఆవిడ సూర్యప్రభ గొంతు వినిపించింది. తల ఎత్తితే గుమ్మంలో సుందరమ్మ! చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం.

మా చిన్నమ్మాయి గోదకు చదువు చెప్పే టీచరు ఈవిడేనని నాకు తెలియదు. ఇంట్లో టీచరమ్మ, టీచరమ్మ అంటుంటే వినడమే గానీ పేరు ఎన్నడూ అడగలేదు. సుందరమ్మ కూడా నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నేను పేపర్‌ను ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఏం చేయను మరి?

"బేగమమ్మ పంపింది, గోదకు హల్వా" అని పళ్లెం ఇచ్చింది. సూర్యప్రభకు మడి, తను ముట్టదు. కానీ గోద తింటే అడ్డు చెప్పదు. పళ్లెం తీసుకుని సుందరమ్మను చాప మీద కూర్చోబెట్టింది.

"బడి తెరిచినంక గోదకు మల్ల నువ్వే చెప్తవు గదా?"

"లేదమ్మా. బడి మూసిన దినమే నా కొలువు అయిపోతది."

"అయ్యో, ఎందుకు?"

"కాగితం సరిగ లేదంట."

అంతే అంది. ఎవరు లేదన్నారో చెప్పలేదు. నా పేరు చెప్పి నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. పేపర్ వెనక నా చెవులు వేడెక్కిపోయాయి.

"మరి ఏడికి పోతవమ్మా?"

"తెనాలి అవతల మా నాయన ఊరు. ఆయన పోయి నాలుగేండ్లు. ఆ ఊర్ల నన్నెరిగినోళ్లు ఎవ్వరు లేరు. నా ఫికర్ అంతా బేగమమ్మ గురించే. ఆమె కొడుకులిద్దరు కరాచీ పోయిండ్రు. రమ్మని చిట్టీ మీద చిట్టీ రాస్తరు. ఆమె పోనంటది. నన్నేమో ఉండనిస్తలేరు. నేను గూడ పోతే ఆ ఇంట్ల కండ్లు లేని మనిషికి బువ్వ ఎవరు పెడ్తరు?"

సూర్యప్రభకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మాట మార్చడానికి అన్నట్టు బయటి దీపాల వైపు చూసి, "మీ క్రిస్మస్ పండుగకు గూడ గిట్లనే దీపాలు పెట్టుకుంటరా?" అని అడిగింది.

సుందరమ్మ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు నేను మొదటిసారి వినడం.

"ఏం చెప్పాలమ్మా! మేం వచ్చిన మొదటేడు ఏమైందో తెల్సా? క్రిస్మస్‌కు ఇంక పది దినాలుందనంగ ఈడ దిగినం. మా ఊర్ల మా పండుగంటే ఊరి బయట మావి నాలుగిండ్లే. ఇంకెవ్వరికి పట్టదు. క్రిస్మస్ నాడు పొద్దుమూకినంక ప్రార్థన కాడి నుంచి మా నాయన నన్ను భుజాల మీద కూసోబెట్టుకొని వస్తుండు. హుస్సేనీ ఆలంల అడుగు పెట్టినమో లేదో, గల్లీ గల్లీ దీపాలే! పటాకులు! ఇంటికి పోతే బేగమమ్మ హల్వా పట్టుకొని నిలబడ్డది. నాయనా, మన పండుగని వీళ్లందరికి ఎట్ల తెల్సిందని అడిగిన. ఆయన నవ్విండు గాని చెప్పలే. యేడాదంతా నేను గట్లనే అనుకున్న. మల్లేడు క్రిస్మస్‌కు చూస్తే గల్లీ అంతా చీకటి. మస్తు ఏడ్చిన. అప్పుడు చెప్పిండు, అది షబేబరాత్ బిడ్డా, నిరుడు రెండు పండుగలు ఒక్క దినమే పడ్డయని."

నా చేతిలో పేపర్ కిందికి జారింది.

షబేబరాత్ వచ్చేది ముసల్మానుల చంద్రుడి లెక్కలో, అంటే హిజ్రీలో. షాబాన్ నెల పదిహేనో రాత్రి. షాబాన్! ఆబాన్ కాదు, షాబాన్! చెదలు తిన్న ముక్క పోతే రెంటికీ మిగిలేది "బాన్" ఒక్కటే.

ఒక్క ఉదుటున లేచి అలమారలోని పాత జంత్రీల, అంటే తారీకుల పంచాంగాల కట్ట లాగాను. మా నాన్నగారు ప్రతి ఏడూ దాచినవి. ఫస్లీ, హిజ్రీ, ఇంగ్లీషు తారీకులు మూడూ పక్కపక్కనే ఉంటాయి. దుమ్ముకు తుమ్ముతూ, వేలితో గీసుకుంటూ పోతే దొరికింది. 1931 డిసెంబర్ ఇరవై ఐదు. ఆ రాత్రి షాబాన్ పదిహేను, హిజ్రీ 1350. అంకె ఒక్కటే, కానీ ఫస్లీ 1350కీ హిజ్రీ 1350కీ నడుమ పదేళ్ల తేడా. ఆమె చెప్పింది నిజమే. ఇరవై ఒక్క ఏళ్లు.

అసలు అది బేగం ఇంట్లో మున్షీ రాసిన కిరాయి కాగితం, సర్కారు కాగితం కాదు. ఆయన హిజ్రీ తారీకు వేసుకోక ఫస్లీ ఎందుకు వేస్తాడు? చిన్నపిల్లకైనా తట్టే సంగతి నాకు తట్టలేదు. అండీ అన్న మాట విన్న తరువాత నేను కాగితం చదవనే లేదు, ఆ మాటనే చదివాను.

"గాడిదను! నేనొక పెద్ద గాడిదను!" అని అరిచాను. ఇద్దరు ఆడవాళ్లూ అదిరిపడ్డారు.

"అమ్మా, తప్పు నాది. నీ కాగితం సరిగనే ఉంది, చదివినోడే సరిగ లేడు. ఎల్లుండి దఫ్తర్‌కు రా. ఆ కాగితం తీస్కరా. బేగం సాహెబాను గూడ తోల్కరా" అన్నాను.

సుందరమ్మ నా వైపూ జంత్రీ వైపూ చూసింది. తరువాత చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. రెండు నెలలు పట్టి ఉంచిన ఏడుపు అప్పుడు వచ్చింది.

సూర్యప్రభకు విషయం అర్థమవడానికి ఎంతో సేపు పట్టలేదు. "అంటే ఈ పిల్లను పొమ్మన్నది మీరేనా?" అంది నడుం మీద చెయ్యి పెట్టుకుని. "మీ ముత్తాత పూనా దిక్కు నుంచి వచ్చిన నాడు గీ గల్లీల ఏ సర్టిఫికెట్ అడిగిండ్రు?"

నేను జంత్రీల కట్టకు మళ్లీ తాడు చుట్టడం మొదలుపెట్టాను. నా గాడిదతనాన్ని ఆవిడ నెలరోజులు పండగ చేసుకుంది.

మూడో రోజు పొద్దున దఫ్తర్‌కు నడుస్తూ ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది, దాచను. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. సాహెబుకు ఉర్దూ రాదు, షాబాన్ ఏదో ఆబాన్ ఏదో అసలు తెలియదు. పదిహేడేళ్ల నౌకరీలో ఒక్క తప్పు చేయని విఠల్‌రావు అట్లాగే ఉండిపోతాడు. మదీనా చౌరస్తా దాటేదాకా ఆ ఆలోచన నా వెంట వచ్చింది. తరువాత భుజాల మీద కూర్చుని దీపాలు చూసే పిల్ల గుర్తొచ్చింది. నా మీద నాకే చీదర వేసి గబగబా నడిచాను.

"మీరు పొరపాటు చేయడమేమిటండీ, రావుగారూ?" అని సాహెబు నవ్వాడు.

"చేసిన. రాసిస్త, సంతకం పెట్టుండ్రి" అన్నాను. ముల్కీ ఎవరో తేల్చే కుర్చీలో కూర్చున్న ఆ గైర్‌ముల్కీ పెద్దమనిషి జంత్రీని అటూ ఇటూ తిప్పి చూసి, సంతోషంగానే సంతకం పెట్టాడు. మంచివాడే, చెప్పాలి మరి.

పర్దా కట్టిన రిక్షాలో లాడ్లీ బేగం వచ్చింది. సుందరమ్మ చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, నా గొంతు వినిపించిన వైపు తిరిగి, "ఏ బచ్చీ మేరే ఘర్‌కీ హై, రావ్ సాబ్. కాగజ్‌కు క్యా పూఛ్‌తే? మేరేకు పూఛో!" అని, ఈ పిల్ల తన ఇంటి బిడ్డని, కాగితాన్ని కాదు తనను అడగమని నన్ను కడిగేసింది. దఫ్తర్ దఫ్తరంతా నవ్వింది. నేనూ నవ్వాను. దొంగ కాగితాల మీద నా కోపం చిటికెడైనా తగ్గలేదు, ఇప్పటికీ తగ్గదు. కానీ ఆ పొద్దు తిట్లు తినడం హాయిగానే ఉంది.

కొత్త దరఖాస్తు నా చేత్తోనే నింపాను. ఆఖరి గడి మిగిలింది. సొంతూరికి తిరిగిపోయే ఉద్దేశం ఎప్పుడు వదులుకున్నారు? అందరూ దానికి వచ్చిన నాటి నుంచి అని రాయించేస్తారు. నేనూ అట్లాగే రాయబోయి ఆగాను.

"ఏం రాయాలమ్మా?"

సుందరమ్మ పక్కకు తిరిగి చూసింది. బేగం చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"ఆ దీపాల రాత్రేనండీ" అంది.

ఈసారి అండీ అంటే నాకేమీ మండలేదు. కలం సిరాలో ముంచి, షాబాన్ పదిహేను, 1350 అని రాశాను. మళ్లీ ఏ మిరపకాయ చేతిలోనూ పడి తప్పిపోకుండా పక్కనే పెద్ద అక్షరాలతో హిజ్రీ అని కూడా రాశాను.